పచ్చది మానిటర్

నాకు రాసేది సరిగ్గా రాదు. ఐదో క్లాసు వరకే చదివినాను, అది కూడా మడకశిర పక్కన ఊర్లో సగం దినాలు బడి ఎగ్గొట్టి. దీర్ఘాలు, వత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తెల్దు. మా ఇంటామె ఇట్లాంటి అనుభవాలు పుస్తకంలో చదివి వినిపిస్తా ఉంటాది. "నీది కూడా రాయి, ఇంకెన్నాళ్ళు కడుపులో పెట్టుకుంటావు" అనింది. అందుకని రాస్తా ఉండాను. తప్పులు చూసి నవ్వుకోకండి.

ముందే చెప్తాను, నాకు దెయ్యం, గాలి అనే మాటల మీద నమ్మకం లేదు. ఇరవై ఏండ్లు మైక్ సెట్టు పని చేసినాను. శ్మశానం పక్కన గ్రౌండ్లో కూడా బాక్సుల మీదే పండుకొని గురక పెట్టినోణ్ణి. ఏ శబ్దం ఎక్కడినించి వస్తాదో వెతికి పట్టుకునేదే నా పని. గర్ మంటే ఎర్త్ సరిగ్గా లేదని, కుయ్ మంటే మైకు బాక్సుకి ఎదురుగా ఉండాదని, పట్ పట్ మంటే జాకు లూజని తెలుస్తాది. కారణం లేకుండా ఏ శబ్దమూ రాదు. అట్లనే అనుకొనుంటిని.

మా నాయన బేల్దారి పనికి బెంగళూరు వచ్చినాడు. నేను, మా నాగక్క ఆయన వెంటే వచ్చేసినాము. అక్క నాకంటే ఆరేండ్లు పెద్ద. కట్టడాల దగ్గర ఇసక జల్లిస్తా పాడేది. ఎవరో విని ఒక ఆర్కెస్ట్రాలో చేర్పించినారు. పెండ్లిండ్లు, గణేశ పండగ, జాతర్లు, ఎక్కడ ప్రోగ్రామ్ ఉంటే అక్కడికి పోయి పాడేది. అక్కే ఓనర్‌ని బతిమాలి నన్ను బాక్సులు మోసే పనికి పెట్టించింది. కొన్నేండ్లకి నేను మిక్సర్ ముందర కూర్చునేవాడినయినాను.

మిక్సర్ గురించి రెండు మాటలు చెప్పాల, లేకుంటే జరిగింది అర్థం కాదు. ప్రతి మైక్‌కీ ఒక వరస నాబులుంటాయి. ఒక నాబు తిప్పితే ఆ గొంతు స్టేజీ మీద పాడేవాళ్ళ కాళ్ళ ముందర పెట్టిన బాక్సుకి పోతాది. దాన్నే మానిటర్ అంటాము. అది జనాలకి కాదు, పాడేవాళ్ళ గొంతు వాళ్ళకే వినపడేదానికి. ఇంకో నాబు తిప్పితే గొంతు ఇకో మిషన్‌లోకి పోయి, పెద్ద గుడిలో పాడినట్లు మోగుతా తిరిగొస్తాది. తిరిగొచ్చినదాన్ని ఎక్కడికి పంపాలో మనమే చూసుకోవాల. జనాలకి కొంచెం పంపితే పాట తియ్యగా ఉంటాది. పాడేవాళ్ళ మానిటర్‌లోకి మాత్రం పోనీకూడదు. ఇప్పుడు పాడిన మాట ఆలస్యంగా మళ్ళీ వచ్చి చెవిలో పడతా ఉంటే, ఎంత గట్టోళ్ళైనా తాళం తప్పుతారు.

నాబుల కింద అంతా ఇంగ్లీషు. మా మిక్సర్ మీద నాగక్క ప్లాస్టర్ ముక్కలు అంటించి, తెలుగులో మానిటర్, ఇకో అని రాసిచ్చింది. ఆయమ్మ నాకంటే రెండు క్లాసులు ఎక్కువ చదివింది.

అక్కకి ముప్పై దాటినాక కుడి చెవి మొద్దుబారింది. నాకు తప్ప ఎవరికీ చెప్పలే. ఓనర్‌కి తెలిస్తే ఆ దినమే నిలిపేస్తాడు. చెవుడు అని పేరు పడితే ఇంకో ట్రూపోళ్ళు కూడా పిలవరు. పాటలకి తిరిగే ఆడమనిషని సంబంధాలు వచ్చినవి వచ్చినట్లే పోయినాయి. ఆయమ్మకి ఉండేదంతా ఆ పాట ఒకటే.

అందుకని మేమిద్దరమూ ఒక గుర్తు పెట్టుకొనుంటిమి. పాడతా పాడతా అక్క ఎడమ చెవి కమ్మ పట్టుకుంటే మానిటర్ ఎత్తమని. జనాలకి కమ్మ సర్దుకున్నట్లే ఉంటాది. నేను నాబు కొంచెం తిప్పుతాను, అక్క కమ్మ వదిలేస్తాది. అట్ల రెండేండ్లు నెట్టుకొచ్చినాము. ఎవరికీ అనుమానం రాలే.

తొంభై ఆరో, ఏడో, ఆనేకల్‌లో ఒక ప్రోగ్రామ్. మా మిక్సర్ రిపేరికి పోయుండింది. సెల్వం అని ఇంకో మైక్ సెట్టు ఆయన, నాకు బాగా కావాల్సినోడు, తన మిక్సర్ తెచ్చిచ్చినాడు. ఇంట్లో తమిళం, బయట కన్నడ, నాతో తెలుగు మాట్లాడతాడు. వైర్లన్నీ తనే పెట్టినాడు. ఆయనకి ఇంకో చోట పనుండింది. పోతా పోతా వరసకి ఉండే రంగు నాబులు చూపించి, "మానిటర్ పచ్చది అప్పా, గ్యాపకం పెట్టుకో, మిగతావన్నీ నేను సెట్ చేసుండాను, కెలకొద్దు" అని చెప్పి పోయినాడు.

అక్క రెండో పాటలోనే కమ్మ పట్టుకునింది. నేను పచ్చది తిప్పితిని. అక్క కమ్మ వదల్లే. ఇంకా తిప్పితిని. ఆయమ్మ మొగం మారిపోయింది. తాళం వెనకబడింది. తబలా ఆయన ఆయమ్మ కోసం ఆగినాడు, ఆయమ్మ ఇంకా వెనకబడింది. నాకు బయట బాక్సుల్లో ఏ తేడా తెల్దు. అక్క నా పక్క చూసి రెండు చెవులూ పట్టుకునింది. నేను మొత్తం తిప్పేసినాను.

జనాలు ఈలలు వేసినారు. "నిద్ర బంతా అక్కా?" అని, నిద్ర వచ్చిందా అని కన్నడలో ఎవడో అరిచినాడు. అక్క పాట మధ్యలో ఆపేసి, మైకు స్టాండుకి తగిలించి దిగిపోయింది. అట్ల పాట ఆపడం అంతకుముందు ఎప్పుడూ చూళ్ళేదు.

ఓనర్ అరవలేదు. "చాలమ్మా నాగమ్మా, కొన్నాళ్ళు రెస్ట్ తీసుకో" అన్నాడు. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు.

బస్సులో అక్క నాతో ఒక్క మాటే అనింది. "పోయిందప్పా సీనా. ఈ చెవి కూడా పోయింది. నా గొంతే నాకు గుహలోంచి వచ్చినట్లు వినిపించింది."

మరుసటి దినం సెల్వం మిక్సర్ తీసుకుపోయేదానికి వచ్చినాడు. నాబులు చూసి, "ఏందిరా ఇది, ఇకో ఫుల్లు తెరిచిపెట్టుండావు? పచ్చది కదా మానిటర్ అంటి" అన్నాడు.

"పచ్చదే కదా తిప్పినాను" అని చూపించినాను.

"అది ఎల్లో రా! పచ్చంటే గ్రీన్. కన్ను కనిపిస్తాదా నీకు?" అని పెద్దగా నవ్వినాడు.

మా ఇంట్లో పచ్చంటే పసుపు రంగు. మా అమ్మకి పచ్చ చీరంటే పసుపు చీర. సెల్వానికి పచ్చంటే ఆకు రంగు. ఒక్క మాట అడిగి తెలుసుకొనుంటే సరిపోయేది. సెల్వం ఇకో తిరిగొచ్చేదాన్ని జనాల బాక్సులకి దాదాపు లేకుండా తగ్గించి పెట్టినాడు, మానిటర్‌కి పోయే దారి మాత్రం మూసేది మరిచిపోయినాడు. అక్క కమ్మ పట్టుకునేకొద్దీ నేను ఆయమ్మ చెవిలోకి ఇకో పోస్తా ఉంటిని. చెవి పోలేదు. నేనే పోగొట్టినాను.

ఆ సాయంత్రమే చెప్పేద్దామని ఇంటికి పోతిని. అక్క స్టేజీ చీరలు మడత పెట్టి, పక్కింటి ఆమెకి ఇస్తా ఉండింది. నన్ను చూసి, "నువ్వేం బేజారు పడొద్దప్పా. నువ్వు బాగానే ఇచ్చింటావు, నా చెవే" అనింది. ఆ మాట విన్నాక, రేపు చెప్దాం అనుకుంటిని. రేపు, ఎల్లుండి, వచ్చే వారం. అంతే, అట్లే అయిపోయింది.

అక్క నగర్తపేటలో ఒక జరీ అంగట్లో పనికి చేరింది. ఇంట్లో కూడా పాడడం మానేసింది. కూని రాగం కూడా లేదు. ఎవరన్నా అడిగితే "చెవులు లేవు కదప్పా" అని నవ్వేది. రెండేండ్లు పోయినాక పది దినాల జ్వరంతో ఆస్పత్రిలో చనిపోయింది. ఆఖరి దినం కూడా పక్కనే ఉంటిని. చెప్పలే.

అక్క పోయిన నాలుగేండ్లకి, వర్తూరు పక్కన ఒక ఛత్రంలో, అదే కల్యాణమంటపంలో, నామకరణం. భోజనాల టైముకి పాటలు. అప్పటికి నేను, సెల్వం కలిసి సొంతంగా మైక్ సెట్టు పెట్టుకొనుంటిమి. పాడే అమ్మాయి కవిత, ఇరవై ఏండ్లుంటాయి, మాకు కొత్త. మా అక్కని ఎప్పుడూ చూడలేదు, పేరు కూడా విన్లేదు.

పొద్దున పదకొండుకి చెకింగ్. ఆకులు వేసే బల్లలు ఈడుస్తా ఉండారు. తెరిచిందల్లా కవిత మైకు, కీబోర్డు వైరు, అంతే. ఇకో మిషన్ ఇంకా డబ్బాలోనే ఉండాది. టేప్ రికార్డర్ తగిలించలేదు. ఇవన్నీ ఏంటికి రాస్తా ఉండానంటే, నేను తర్వాత ఒక్కొక్కటీ వేలు పెట్టి చూసుకున్నాను.

కవిత ఒక పల్లవి పాడి ఆపి, "అన్నా, మానిటర్‌లో ఎవరో అక్క నా వెంట పాడతా ఉండారు. చానా బాగుండాది, శ్రుతి పట్టుకునేదానికి. అట్లే ఉండనీ" అని మళ్ళీ పాట ఎత్తుకునింది.

నేను హెడ్‌ఫోన్ పెట్టుకొని, మానిటర్‌కి ఏం పోతా ఉండాదో వినిపించే బటన్ నొక్కినాను. కవిత గొంతు ఉండాది. దాని కింద ఇంకొకటి. మాటలు లేవు, ఊరికే రాగం. ఇకో లేదు, గదిలో పక్కన కూర్చొని పాడినట్లు. చరణం ఎత్తుకునే ముందర నాలుకతో చిన్నగా ట్చ్ మని ఊపిరి తీసుకునింది. మా అక్క తప్ప అట్ల ఊపిరి తీసుకునేవాళ్ళని నేను చూళ్ళేదు.

కవిత మైకు మూసేసినాను. కవిత గొంతు పోయింది, ఆ రాగం పోలేదు. కీబోర్డు వైరు పీకేసినాను. పోలేదు. కవిత అప్పుడు స్టేజీ మీద నీళ్ళు తాగతా ఉండాది, నా కండ్లతో చూసినాను. సెల్వాన్ని పిలిచి హెడ్‌ఫోన్ ఇచ్చినాను.

"రేడియో పట్టుకొనుంటాది రా, వైరు మార్చు" అన్నాడు. కొత్త వైరు వేసినాము. సెల్వం మళ్ళీ విన్నాడు. ఈసారి కొంచెం సేపు విన్నాడు. హెడ్‌ఫోన్ తీసి, చుట్టి, నా ముందర పెట్టి, "నాకు తెల్దప్పా" అని బయటికి పోయినాడు. ఆయన అక్క పాట ఎన్నోసార్లు విన్నోడు.

రేడియో అయితే మేము పాడే పాటే పాడదు. చరణం ముందర మా అక్క మాదిరి ఊపిరి తీసుకోదు. ఇది రెండూ చేసింది.

పన్నెండున్నరకి ప్రోగ్రామ్ మొదలయింది. కవిత హాయిగా పాడతా ఉండాది. నా హెడ్‌ఫోన్లో ఆ గొంతు కూడా ఉండాది. జనాల బాక్సుల్లో లేదు, మానిటర్‌లో మాత్రమే. నాకు భయం రాలే.

మిక్సర్‌కి ఒక చిన్న మైకుంటాది. బటన్ నొక్కి పట్టుకొని మాట్లాడితే స్టేజీ మీద మానిటర్‌లో మాత్రం వినపడతాది. దాన్ని నొక్కినాను. మూతికి చెయ్యి అడ్డం పెట్టుకొని చెప్పినాను. "అక్కా, నీ చెవి పోలేదు. ఆనేకల్‌లో నేనే తప్పు నాబు తిప్పినాను. నీకు చెప్పలేకపోయినాను."

ఒక సంగతి ఆ తొందరలో నాకు గ్యాపకం రాలే. ఆ బటన్ నొక్కినంత సేపూ మన హెడ్‌ఫోన్లో శబ్దం ఆగిపోతాది, కుయ్ మని కూత పడకూడదని అట్ల చేసుంటారు. నేను మాట్లాడినంత సేపూ, మాట్లాడి ఏడ్చినంత సేపూ, బటన్ మీదనించి వేలు తియ్యలే. అక్కడినించి ఏమన్నా జవాబు వచ్చిందో లేదో నాకు వినపడే దారి లేదు.

వేలు తీసినాక కవిత గొంతు ఒకటే ఉండాది.

ప్రోగ్రామ్ అయినాక కవిత నా దగ్గరికి వచ్చింది. మొగం చిన్నబోయుండింది. "మధ్యలో మీరేదో మాట్లాడినారు కదన్నా, గలాటాలో నాకు అర్థం కాలే. ఆ తర్వాత ఆ అక్క పాడనే లేదు. మీరేమన్నా అన్నారా ఆ అక్కని?"

నేను వైర్లు చుట్టి డబ్బాలో పెట్టినాను.

ఆ మిక్సర్ అమ్మేసేదాకా ప్రతి ప్రోగ్రామ్‌లో మానిటర్ వినిపించే బటన్ నొక్కి విన్నాను. మళ్ళీ ఎప్పుడూ రాలే. నా మాట విని మనసు తేలికపడి పోయిందా, నా చేతే పాట పోయిందని తెలిసి కోపంతో పోయిందా, అసలు అది మా అక్కేనా, నాకు తెల్దు. సెల్వం ఈ పొద్దుటికీ దాని గురించి మాట్లాడడు. ఇన్నేండ్లు శబ్దాలకి కారణం వెతికినోణ్ణి, దీనికి మాత్రం దొరకలే.

రాసిందాంట్లో అక్షరాలు తప్పుంటే పెద్ద మనసుతో మన్నించండి, మీరే సరి చేసుకొని చదువుకోండి. మళ్ళీ మొదటినించి చదివి దిద్దేదానికి నాకు ధైర్యం లేదు.