ధర ఉన్న ముక్క

మొన్న ఆఫీసు క్యాబ్ నన్ను కొంపల్లిలో దింపినప్పుడు, రక్తపోటు మాత్రలు అయిపోయిన సంగతి గుర్తొచ్చి ఎదురుగా ఉన్న మందుల దుకాణంలోకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి స్ట్రిప్పు తీసి, కత్తెరతో సగానికి కోసి, ఒక సగం కవర్లో వేసి ఇచ్చింది. నేను అలవాటుగా వెనక్కి తిప్పి చూశాను. ధర లేదు, తేదీ లేదు, ఒట్టి వెండి రేకు. ధరా తేదీ ఉన్న సగం ఆమె చేతిలోనే ఉంది, దాన్ని జాగ్రత్తగా మళ్ళీ డబ్బాలో పెట్టింది. ఆమె చేసింది సరైన పనే. ఫార్మసీ చదువుకున్న వాళ్ళందరికీ నేర్పే పద్ధతే అది. అయినా నేను ఒక అడుగు వెనక్కి వేశాను, ముప్పై ఏళ్ళ కిందటి ఒక మధ్యాహ్నం మేడ్చల్ బజారులో వేసినట్టే.

నా ఈడు వాళ్ళకు సూరత్‌లో ప్లేగు అన్న మాట విన్న ఆ ఏడాది తప్పకుండా గుర్తుండి ఉంటుంది. వినాయక నిమజ్జనాలు అయిపోయి, బతుకమ్మకు ఆడపిల్లలు తంగేడు పూల కోసం చూసుకుంటున్న రోజులు. ఆ ఏడాది పూల కంటే ముందు ఇంట్లో ఎలుకలు ఉన్నాయా లేవా అని చూసుకున్నారు జనం. బియ్యం డ్రమ్ముల వెనక, అటకల మీద, బావి గట్ల దగ్గర, ఎక్కడ ఎలుక చచ్చి కనపడినా ఆ వీధి వీధంతా తలుపులు వేసుకునేది. ముక్కుకు జేబురుమాలు కట్టుకోని మనిషిని బస్సులో పక్కన కూర్చోనిచ్చేవాళ్ళు కాదు. ఎవరైనా దగ్గితే మాటలు ఆగిపోయేవి, ఆ దగ్గిన వాడు తలెత్తకుండా దిగి వెళ్ళిపోయేవాడు. మన తెలంగాణ పల్లెల నుంచి సూరత్ మగ్గాల మీద పనికి వెళ్ళిన వాళ్ళు వేల మంది, వాళ్ళంతా భయపడి ఇళ్ళకు తిరిగొస్తున్నారనీ, నిజామాబాదు వైపు నుంచి వచ్చే ప్రతి బస్సులోనూ ఒకరిద్దరు ఉంటున్నారనీ చెప్పుకునేవాళ్ళు. మేడ్చల్ ఆ రోడ్డు మీదే ఉంది కాబట్టి మా భయం మిగతా ఊళ్ళ భయం కంటే ఒక పాలు ఎక్కువే.

మా బాబాయికి బస్ డిపో దగ్గర మందుల కొట్టు ఉండేది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాడు. ఆయన ఫార్మసీ చదవలేదు గానీ, డిప్లొమా పూర్తి చేసి నేను వచ్చాక నా సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి గోడకు తగిలించి, ఇక కొట్టంతా కాలేజీ పద్ధతిలో నడవాలని పట్టుపట్టాడు. కొత్తగా చదువుకున్న ఉత్సాహంతో నేను మూడు నియమాలు పెట్టాను. ఫ్రిజ్‌లో పెట్టాల్సినవి ఫ్రిజ్‌లోనే. పాత సరుకు ముందు, కొత్త సరుకు వెనక. స్ట్రిప్పు కోయాల్సి వస్తే తేదీ, ధర, బ్యాచి నంబరు అచ్చయిన కొస ఎప్పుడూ చివరిదాకా కొట్లోనే ఉండాలి, లేకపోతే మిగిలిన మందు కాలం చెల్లిందో లేదో చెప్పేవాడు ఉండడు. బాబాయికి ఈ మూడోది ఎంత నచ్చిందంటే వచ్చినవాళ్ళందరికీ కత్తెర ఎత్తి చూపించి మరీ చెప్పేవాడు.

ప్లేగుకు టెట్రాసైక్లిన్ పనిచేస్తుందని పేపర్లలో వచ్చిన మర్నాటి నుంచి ఆ గొట్టం మాత్రల కోసం జనం విరగబడ్డారు. పట్నంలో హోల్‌సేలు దుకాణానికి బాబాయి వెళితే, బిల్లు మీద ఒక ధర, బిల్లు లేకుండా చేతిలో ఇంకొక ధర పెడితేనే సరుకు అన్నారట. అలా తెస్తే అలాగే అమ్మాలి, అది నా వల్ల కాదని ఖాళీ సంచీతో తిరిగొచ్చాడు. ఉన్న పాత సరుకు ఎంతోకాలం రాదు గనుక ఇంటికి నాలుగు గొట్టాలే, ఒక రోజు మోతాదు, అచ్చయిన ధరకే అని నిర్ణయించాడు. నాలుగు గొట్టాలతో ఏ రోగమూ ఆగదని నాకు తెలుసు, వాళ్ళకూ తెలిసే ఉంటుంది. అయినా ఇంట్లో దేవుడి పటం దగ్గర ఆ నాలుగూ ఉంటే రాత్రి నిద్ర పడుతుందని తీసుకెళ్ళేవాళ్ళు.

స్ట్రిప్పుకు పది గొట్టాలు. నాలుగూ నాలుగూ కోసి ఇస్తే మిగిలేది కొసన రెండు. ఆ కొసలోనే ధర, తేదీ. నా నియమం ప్రకారం ఆ రెండేసి గొట్టాల కొసలను ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి బల్ల కింద పెట్టేవాణ్ణి. నిజంగా జ్వరంతో ఉన్నవాళ్ళు డాక్టరు చిట్టీ తెస్తే రెండు కొసలు కలిపి రోజుకు నాలుగు చొప్పున ఇద్దామని బాబాయి అన్నాడు. ఊరంతా ధర లేని ముక్కలు తీసుకెళుతోందనీ, ధర ఉన్న ముక్కలన్నీ మా బల్ల కిందే చేరుతున్నాయనీ మా ఇద్దరికీ తట్టనే లేదు.

చిట్టీ తెచ్చింది ఒకే ఒక్క మనిషి. కొట్టు వెనక గల్లీలో అద్దెకుండే అవ్వ, బీడీలు చుట్టి బతికేది. అల్లుడు సూరత్ నుంచి రెండు రోజుల కిందట వచ్చాడు, ఒళ్ళు కాలిపోతోంది. చూసిన డాక్టరు ఇది మలేరియాలాగే ఉంది, అయినా అనుమానానికి ఇదీ వాడండి అన్నారట. ఆమె ఆ మాటలు చెప్పి, బాబాయి చెయ్యి పట్టుకోబోయి, మళ్ళీ తనే వెనక్కి తీసుకుంది.

"ఎవ్వలకు చెప్పకు సారూ. ఎరుకైతే మమ్ముల గల్లీల బతకనియ్యరు."

చెప్పనని బాబాయి మాట ఇచ్చాడు. రోజూ పొద్దున్నే ఆమె వచ్చేది, నేను రెండు కొసలు తీసి బల్ల మీద పెట్టేవాణ్ణి, ఆమె వాటిని కొంగున ముడి వేసుకుని వెళ్ళేది. ఆమె పెట్టిన నోటు గల్లాలో వేశాక నేను వెనక్కి వెళ్ళి మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేవాణ్ణి. చదువుకున్నవాణ్ణే, రోగం నోట్ల మీద రాదని తెలిసినవాణ్ణే. రాత్రి పడుకున్నాక చంకల్లో బిళ్ళలేమైనా కట్టాయేమోనని తడుముకునేవాణ్ణి. బాబాయి మాత్రం ఆమె ముందు ఒక్కసారి కూడా రుమాలు కట్టుకోలేదు.

ఈలోగా శామీర్‌పేటలో ఒక కొట్టువాడు రెండింతలు వసూలు చేశాడని జనం అతని డబ్బాలన్నీ రోడ్డు మీద పారబోసిన వార్త వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం బాబాయి అన్నం క్యారియరు విప్పుతుండగా కొట్టు ముందు మనుషులు చేరడం మొదలైంది. మొదట ఐదారుగురు, తర్వాత వీధి కనపడనంత మంది, అందరి ముఖాలకూ రుమాళ్ళు, కళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. తెలిసిన ముఖాలే అయి ఉంటాయి, కానీ ఎవరెవరో పోల్చుకోలేకపోవడం ఆ భయాన్ని ఇంకా పెంచింది. ముందు నిలబడ్డవాణ్ణి మాత్రం ఆ నిలబడ్డ తీరు బట్టి పోల్చుకున్నాను, పటేలు గారి తమ్ముడు, ఊళ్ళో ప్లాట్ల వ్యాపారం మొదలుపెట్టి పెద్దమనిషి అవుతున్నవాడు. చేతిలో నాలుగు గొట్టాల ముక్క.

"ఏంది సేటూ, అందరికీ బోడి ముక్కలే ఇస్తున్నవట. ధర కోసి బల్ల కింద పెట్టుకునుడు ఏం దందా?"

"శామీర్‌పేటోడు రెండింతలు గుంజిండు. గీనె ఎంత గుంజిండో ఎట్ల దెలుస్తది, ముక్క మీద ఉంటె గద," అన్నారు వెనక నుంచి ఎవరో. ఎవరో నవ్వారు కూడా. 

మా కాలనీ సెక్రటరీ గారు కూడా ఆ గుంపులో ఉన్నారని రుమాలు దించి మాట్లాడినప్పుడే తెలిసింది. మా జిల్లా మనిషే, పండక్కి బాబాయి ఇంట్లో భోజనం చేసినవాడే. "మనవాళ్ళు కదా అని ఇన్నాళ్ళూ మిమ్మల్ని వెనకేసుకొచ్చానండీ. ఇప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోమంటారు?" అన్నాడు.

నేను ముందుకొచ్చి కొస చివరిదాకా ఎందుకు ఉంచాలో, తేదీ ఎందుకు ముఖ్యమో చెప్పడం మొదలుపెట్టాను. కాలేజీలో అప్పజెప్పినట్టే చెప్పాను. ఒక రాయి వచ్చి అద్దాల బీరువాకు తగిలింది. దగ్గు సీసాలు ఒకదాని తర్వాత ఒకటి జారి పగిలి, కొట్టంతా తీయని వాసన నిండింది. పటేలు గారి తమ్ముడు వంగి బల్ల కింద నుంచి బిస్కెట్ల డబ్బా లాగి మూత తీశాడు. నిండా కొసలు, ప్రతిదాని మీదా ధర. అతను ఒకటి తీసి లెక్క వేసుకున్నాడు. ధర సరిపోయింది. మేము పైసా ఎక్కువ తీసుకోలేదని అతనికి అర్థమైంది, ఆ సంగతి అతని కళ్ళలో నాకు కనపడింది కూడా. ఒక్క క్షణం గట్టెక్కామనుకున్నాను.

"ధర సక్కగనే ఉన్నది. మరి గిన్ని గోలీలు ఎవనికోసం దాస్తున్నవ్? రేపు మూడింతలకు అమ్ముదామనా?"

బాబాయి క్యారియరు మూత మళ్ళీ పెట్టేశాడు. జ్వరం వాళ్ళకోసం అంటే చాలు, తర్వాత వచ్చే ప్రశ్న ఒకటే, ఎవరికి జ్వరం అని. అవ్వ అల్లుడి కోసమని నేను చెప్పేయబోయాను. ఆ ఒక్క మాట చెబితే కొట్టు మిగులుతుంది. బాబాయి నా వైపు చూసి, "నువ్వు లోపలికి పోరా" అన్నాడు, అంతే. ఇంకో రాయి పడింది. ఈసారి నా సర్టిఫికెట్ ఫ్రేము కిందపడి పగిలింది. ఎవరో షట్టరు గొలుసు లాగుతున్నారు. మమ్మల్ని లోపల పెట్టి మూసేస్తారా, బయటికి లాగుతారా అని నా కాళ్ళు తెలియకుండానే వెనక్కి నడుస్తున్నాయి.

అప్పుడు గుంపు పక్క నుంచి అవ్వ వచ్చింది. ఎప్పటి నుంచి నిలబడి వింటోందో తెలియదు. అరుగు ఎక్కి, కొంగు ముడి విప్పి, ఆ పొద్దున్నే తీసుకెళ్ళిన రెండు కొసలు అరచేతిలో పెట్టి చూపింది.

"నాకోసం దాసిండు. సూడుండ్రి, ధర ఉన్నది. గంతనే తీస్కున్నడు."

"నీకెందుకే ముసల్దానా ఇన్ని?" అన్నాడు పటేలు గారి తమ్ముడు.

"మా అల్లునికి జరం. సూరత్ నుంచి వచ్చిండు."

ఆ తర్వాత అక్కడ జరిగినటువంటిది నేను మళ్ళీ ఎప్పుడూ చూడలేదు. ఒక్కరు కూడా అరవలేదు. ముందు వరుస వెనక్కి జరిగింది, దాని వెనక వరుస అంతకంటే త్వరగా జరిగింది, రుమాళ్ళు కళ్ళ కింద దాకా ఎక్కాయి. షట్టరు గొలుసు పట్టుకున్న చెయ్యి వదిలేసింది. పటేలు గారి తమ్ముడు ఆ డబ్బాను మెల్లగా నేల మీద పెట్టి, అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని, మోరీ కాలువ దాటి అవతలికి వెళ్ళి నిలబడ్డాడు. ఊరంతా దేనికోసం కొట్టుకుంటోందో ఆ గొట్టాలు అరుగు మీద అలాగే ఉన్నాయి, ఒక్కరూ ముట్టుకోలేదు. సెక్రటరీ గారు డిపో కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుండగా చూశాను.

అవ్వ రెండు కొసలూ మళ్ళీ ముడి వేసుకుంది. "ఇగ నీ దుకానం ఎవ్వలు ముట్టరు సారూ," అంది బాబాయితో. "మా ఇల్లు గూడ ఎవ్వలు ముట్టరు."

మర్నాడు పొద్దున్నే ఆరోగ్య శాఖ వ్యాను వచ్చి అల్లుణ్ణి పట్నం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. గల్లీలో ఒక్క తలుపూ తెరుచుకోలేదు గానీ ప్రతి కిటికీ సందులో కళ్ళు ఉన్నాయి. కొన్నాళ్ళకు అది మలేరియానే అని తేలి అతను లేచి నడిచాడు. కానీ అప్పటికే ఇంటి ఓనరు వాళ్ళ గిన్నెలూ చాపలూ బయట పెట్టించి, గది నాలుగు గోడలకూ సున్నం వేయించాడు. వాళ్ళు ఎటు పోయారో ఎవరూ చెప్పలేదు, సిద్దిపేట వైపు అని ఒకరు, మళ్ళీ సూరత్‌కే అని ఒకరు. బాబాయి ఆమె కోసం పక్కన పెట్టిన మిగతా కొసలు కాగితంలో చుట్టి తీసుకెళ్ళి, సున్నం వాసన వేస్తున్న ఆ గది ముందు కాసేపు నిలబడి తిరిగొచ్చాడు.

కొట్టు నిలబడింది. గుంపులో ఉన్నవాళ్ళే మళ్ళీ దగ్గు మందుకొచ్చారు. పటేలు గారి తమ్ముడు కొత్త అద్దాలు వేయించి ఇస్తానన్నాడు, బాబాయి వద్దన్నాడు. కొట్టు అమ్మేసేదాకా ఆయన నా మూడో నియమం పాటించలేదు. ధర ఉన్న కొసే ముందు కోసి ఇచ్చేవాడు, మిగిలిన ముక్క మీద తేదీ తన చేత్తో పెన్నుతో రాసుకునేవాడు. నేను పెన్ను అందించేవాణ్ణి.

ఇప్పుడు నేను తుర్కపల్లిలో మందుల కంపెనీలో, స్ట్రిప్పుల మీద ధరా తేదీ సరిగ్గా పడ్డాయో లేదో చూసే విభాగంలోనే పనిచేస్తున్నాను. ఈమధ్య మహమ్మారి రోజుల్లో కూడా ధరలు పెరిగాయి, ఫిర్యాదులు ఫోన్లలో వెళ్ళాయి, ఏ కొట్టు మీదా రాయి పడటం నేను చూడలేదు. మంచిదే. కానీ మా అపార్ట్‌మెంట్లో ఏ తలుపు వెనక ఎవరికి జ్వరమో నాకు తెలియలేదు, నా జ్వరం సంగతి ఎవరికీ తెలియలేదు. భయపెట్టేంత దగ్గరగా గానీ, అరుగెక్కి నిలబడేంత దగ్గరగా గానీ ఎవరూ మిగల్లేదు.

మొన్న ఆ దుకాణంలో డబ్బులిచ్చాక కూడా నేను వెంటనే కదల్లేదు. డబ్బాలోకి తిరిగి వెళ్ళిన ఆ ధర ఉన్న ముక్క ఎవరి చేతికి వెళుతుందో చూడాలనిపించి, తలుపు పక్కన నిలబడ్డాను. లోపలికి వచ్చినవాళ్ళంతా ఫోను చూపించి, కట్టి ఉంచిన కవర్లు తీసుకుని వెళ్ళిపోయారు. కొంగున ముడి వేసుకునేవాళ్ళు ఎవరూ రాలేదు.