మూడు తాళాల గాలయ్య

మొగని పేరు నోటితోని తీయొద్దంటరు, తీస్తే ఆయుష్షు తగ్గుతదట. మా ఆయన పేరు గాలయ్య. ఊరంత "మూడు తాళాల గాలయ్య" అని నోరార పిలుస్తది గనుక, నేనొక్కదాన్ని నోరు మూసుకుంటే పెరిగే ఆయుష్షు ఏం లేదు.

మా ఊరు భువనగిరికి మూడు కోసుల దూరం. నాలుగెకరాల చెల్క, ఒక బాయి, రెండెడ్లు. ఇంట్ల ఏముండెనంటరా? రెండు ఇత్తడి బిందెలు, ఒక గంగాళం, ఆరు బస్తాల జొన్నలు, మా అమ్మ నాకు పెట్టిన వెండి కడియాలు. గంతే. గీ రాజ్యాన్ని కాపాడుకునేతందుకు మా ఆయన పడ్డ తిప్పలు నిజాం సర్కారు గూడ పడలేదు.

అంతకుముందు మాకు కాపలా లేకుండె అనుకునేరు. ఉండె. మా ఇంటికి ఎదురుంగనే సోమమ్మవ్వ ఇల్లు. మొగడు సచ్చిపోయిండు, పిల్లలు లేరు, ఒక్కతే. తెల్లారితే అరుగు మీద కూసుండి చింతపండు గింజలు తీసుడు, వచ్చేటోన్ని పొయ్యేటోన్ని నిలవెట్టి అడుగుడు. "ఎవరింటికి బిడ్డా? ఏ ఊరు మీది? గా మూటల ఏముంది?" గాజులమ్మేటోడు గూడ ఆమెకు ఇంటిపేరు నుంచి చెప్పుకుంటేనే మా వాడ దాటేది.

మేం చెల్కకు పోతే తలుపుకు తాళం వేసి, తాళంచెవి తీసుకపోయి ఆమె చేతిల పెట్టేటోళ్ళం. మేమొక్కళ్ళమే గాదు, మా వాడల అందరిదీ గదే అలవాటు. ఆమె దీపం గూట్ల ఆరిండ్ల చెవులు ఉండేవి. దూడ అరిస్తే తాళం తీసి గడ్డి వేసేది, మొగులు పడితే వాకిట్ల ఆరేసిన మిరపకాయలు లోపలికి ఎత్తేది. నా పిల్లలిద్దరు గూడ ఆమె చేతులల్లనే పడ్డరు. ఆమె ఇంటికి మాత్రం తాళమే లేదు. తలుపు దగ్గరికేసి తాడు చుట్టేది, అది గూడ కుక్కలు దూరకుండ.

నయా పైసలు వచ్చిన మరుసటేడు, పక్కూర్ల మా ఆయన మేనమామ భీమయ్య ఇంట్ల దొంగలు పడ్డరు. ఒక ఇత్తడి చెంబు, ఒక నల్ల గొంగడి పోయినయి. మా ఆయన పలకరించి రానీకి పోయిండు. వచ్చినంక మనిషి మనిషి లెక్క లేడు.

"యాదలక్ష్మీ, కాలం మంచిగ లేదే," అన్నడు.

"కాలం సంగతి తర్వాత, ఎడ్లకు నీళ్ళు తాపినవా?" అన్న.

తాపలేదు. తెల్లారి అవే ఎడ్లను బండికి కట్టి, నన్ను ఎంటబెట్టుకొని భువనగిరికి బయలెల్లిండు. రామచంద్రం సావుకారి ఇనుప సామాన్ల దుకాణం. సావుకారి మర్యాదగ ఒక చిన్న అలీగఢ్ తాళం తీసి ముందట పెట్టిండు. "లోపలి పనితనం జూడు గాలయ్యా. దీని చెవి తోనే తప్ప దేనితోనీ రాదు" అన్నడు.

మా ఆయన దాన్ని అరచేతిల ఎగరేసి చూసిండు. "బరువు లేదు సేటూ."

"తాళానికి బరువెందుకయ్యా?"

"దొంగ జూస్తనే దడుసుకోవాలె గద!"

సంతల గుమ్మడికాయ కొన్నట్టు ఒక్కొక్కటి ఎత్తుడు, వేలితోని కొట్టుడు, చెవి కాడ పెట్టుకొని వినుడు. ఆఖరుకు దుకాణం మూలకు, గోదాము గేట్లకు వేసేటివి మూడు తాళాలు దుమ్ము కొట్టుకొని దొరికినయి. "ఇగో, తాళమంటే గిది!" అని మూడింటికి మూడూ కొన్నడు. ఒకటి పగలగొడితే ఇంకొకటి ఉంటదట. వాటి తోని జోడుగ మూడు సెల్లుల బ్యాటరీ లైటు, వాకిలికి కట్టనీకి ఒక గంట గూడ తీసుకున్నడు. ఆ తాళాలు అమ్ముడు పోతయని సావుకారి ఆశ ఇడిచి ఎన్నేండ్లయిందో ఏమో, మాకు చాయ తెప్పించిండు.

ఇంటికొచ్చినంక ఎరుకైంది, ఆ తాళాలు మా గొళ్ళెంల దూరయి. కమ్మరి మారయ్య తోని కొత్త గొళ్ళేలు కొట్టిచ్చిండు. గొళ్ళేలు బిగిస్తుంటే చెదలు పట్టిన తలుపు చెక్క ఊడి చేతికొచ్చింది. తలుపు మార్చిండు. కొత్త తలుపు బరువుకు దర్వాజ పక్కన మట్టి రాలింది.

"తలుపు సరే అన్నా, నీది పాత మట్టిగోడ. జర గోడ సంగతి జూడు," అన్నడు మారయ్య.

"గోడకు ఎవడన్న తాళం వేస్తడా?" అని మా ఆయన నవ్విండు. నేను గూడ నవ్విన, అబద్ధమెందుకు.

తర్వాత చౌటుప్పల నుంచి కుక్క వచ్చింది. తెచ్చిచ్చిన మా చుట్టం లింగస్వామి చెప్పిందేందంటే, దాని తాత దొర గడీల కాపలా ఉండెనట. తాత సంగతి నాకు తెల్వదు గానీ మనుమడు మాత్రం ఊరందరికి తోక ఊపేది. మొరిగేది ఒక్క మా ఆయనను జూసే. మొరగదా మరి? దినాం దాని కండ్లల్ల బ్యాటరీ కొట్టి, మేల్కొని ఉందా లేదా అని జూసేటోడు.

ఇగ ప్రహరి గోడ. ఇంటి చుట్టూ నిలువెత్తు లేపి, మీద సోడబుడ్ల పెంకులు గుచ్చిండు. దొంగ ఎక్కగలడా లేడా అని తనే ఎక్కి జూసి, అరికాలు చీరుకపోయి పది దినాలు మంచంల పడ్డడు. పడుకొనే "చూసినవా, ఎక్కలేడు" అని సంబురపడ్డడు. ఆ గోడతోని సోమమ్మవ్వ అరుగుకు మా ఇల్లు కనవడకుంటయింది.

కాలు మానంగనే అవ్వ కాడికి పోయిండు. "అవ్వా, పాత చెవి ఇయ్యి. ఇగ చెవులు మా తాననే ఉంటయి."

ఆమె గూట్ల నుంచి తీసి, కొంగుతోని తుడిచి ఇచ్చింది. "నాతోని ఏమన్న తప్పు జరిగిందా నాయినా?"

"తప్పేం గాదవ్వా, కాలం మంచిగ లేదు."

వారం తిరగకముందే ఇంకో ఇద్దరు వచ్చి వాళ్ళ చెవులు తీసుకపోయిండ్రు. గాలయ్య ఉత్తగనే తీసుకోడు, ఏదో ఉండే ఉంటదని అనుకున్నరట. మా ఆయన ఆ మూడు చెవులు మొలతాడుకు కట్టుకొని, నడిస్తే గలగల, కూసుంటే గలగల. తాళాలు జూడనీకి వచ్చిన ప్రతోనికి లోపల ఏమేమున్నయో గూడ పూసగుచ్చినట్టు చెప్పేటోడు. "మా ఆడిదాని వెండి కడియాలున్నయి, ఊకెనే వేసిననా?" అనేటోడు.

ఇట్ల ఊరందరికి చెప్తే దొంగకు ఎరుక గాదా? ఒక దినం ఆయన చెల్కకు పోయినంక కడియాలు మూటగట్టుకొని అవ్వ ఇంటికి పోయిన. "అవ్వా, ఇవి నీ చీరల సందుగల పెట్టు. మా ఆయనకు చెప్పకు, చెప్తే నన్ను బతకనియ్యడు."

"నా తాన ఎందుకు బిడ్డా? నీ మొగనికి నమ్మకం లేని చేతులివి."

"నాకుంది గద."

ఆమె నన్ను జూసి, మూట తీసుకొని, చీరల కింద పెట్టింది. "నీ నోటెంట వచ్చేదాక నా నోటెంట రాదు" అన్నది.

ఆ ఎండకాలం తిరుమలగిరిల నా తమ్ముని లగ్గం. మనం ఇంట్ల లేమని ఎవ్వరికి తెల్వద్దని మా ఆయన ఆజ్ఞ. అవ్వకు గూడ చెప్పకుండ కోడి కూయకముందే బండెక్కినం. మూడో దినం పొద్దుగాల, మమ్ముల దిగబెట్టనీకి ఎంట వచ్చిన నా పుట్టింటోళ్ళతోని తిరిగొచ్చినం. మూడు తాళాలు మూడు చోట్ల చెక్కుచెదరకుండ ఏలాడుతున్నయి.

"జూసినవానే!" అని మా ఆయన ఒక్కొక్కటే తీసిండు. తలుపు తోసిండు. మా ఇంటికి కిటికీ లేదు. అయినా లోపల పట్టపగలు లెక్క వెలుతురు. వెనుక మట్టిగోడకు దూడ దూరేంత కన్నం.

బిందెలు లేవు, గంగాళం లేదు, బ్యాటరీ లైటు లేదు, గంట గూడ ఇప్పుకపోయిండ్రు. జొన్నలు బరువని వదిలేసిండ్రు కావచ్చు. ప్రహరి పెంకుల మీద ఒక నల్ల గొంగడి పరిచి ఉంది. మా ఆయన దాని అంచు పట్టి జూసి, "ఇది మా భీమయ్య మామది" అన్నడు. కుక్క ఎవరో వేసిన రొట్టె ముక్క నములుకుంట మా ఆయనను జూసి మొరిగింది.

ఊరు ఊరంత కూడింది. సోమమ్మవ్వ గూడ వచ్చింది. "నిన్న పగటిపూట దబదబ చప్పుడైతే, నువ్వే ఏదో కొత్తది బిగిస్తున్నవనుకున్న నాయినా. గోడ అడ్డం, ఏం కనవడలె" అన్నది.

పోలీసు పటేలు రఘుపతి వచ్చి కన్నం ముందు నిలవడి, "ఎవరి మీద అనుమానం?" అన్నడు. ఎనుక ఎవడో "తాళాలైతే మంచిగనే ఉన్నయి పటేలా" అన్నడు, జనం కిసుక్కున నవ్విండ్రు. మా ఆయన మొఖం నల్లగయింది. ఆ నవ్వు తన మీదికెల్లి పోతే చాలనుకున్నడో ఏమో, "ముందుగల్ల చెవి సోమమ్మవ్వ తాన ఉండేది. ఇంట్ల ఏమున్నయో ఆమెకు ఎరుక" అన్నడు.

గోడ తవ్వి వచ్చేటోనికి తాళంచెవి ఎందుకని ఒక్కడన్న అడుగలె. పటేలు అవ్వ ఇంటి తాడు ఇప్పిచ్చిండు. సందుగ తెచ్చి అరుగు మీద పెట్టిండ్రు.

అందుల నా కడియాలున్నయి. నాకు ఎరుక. ఆమెకు ఎరుక. మా ఆయన నన్ను ఏమంటడో, లగ్గం నుంచి వచ్చిన నా పుట్టింటోళ్ళ ముంగట ఎట్ల కొడ్తడోనని భయం. ఊరందరి మీద లేసే నా నోరు ఆ ఒక్క గడియ లేవలె. అవ్వ నా దిక్కు జూసింది. సందుగ తెరిచిండ్రు. రెండు పాత చీరలు, తన సావుకని దాచుకున్న ఒక కొత్త చీర, ఒక్కొక్కటే దులిపి అరుగు మీద పడేసిండ్రు. కింది నుంచి మూట వచ్చింది. పటేలు కడియాలు రెండు వేళ్ళతోని పైకి ఎత్తి చూపిండు.

"ఇగో, దొంగ మన వాడలనే ఉంది!" అన్నరు ఎవరో.

అప్పుడు లేసింది నా నోరు. "అవి నేనే ఇచ్చిన! నా చేతులతోని నేనే దాచిపెట్టిన! మా ఆయన తాళాల మీద నమ్మకం లేక ఇచ్చిన! ఇయ్యాల మాకు మిగిలినయి గవే!" అని ఏడ్చుకుంట అరిచిన.

పటేలు దగ్గి కడియాలు నా చేతిల పెట్టిండు. జనం ఒక్కొక్కరే జారుకున్నరు. మా ఆయన నన్ను కొట్టలె, తిట్టలె. గోడకు ఆనుకొని కూలవడ్డడు. అవ్వ చీరలు ఒక్కొక్కటే మడత పెట్టుకుంటున్నది. కొత్త చీరకు మట్టి అంటింది.

"చెప్పరాదా అవ్వా, నేనిచ్చిన్నని?" అన్న.

"నీ నోటెంట రావాలన్న గద బిడ్డా," అన్నది.

మా ఆయన ఆ దినమే ముందటి ప్రహరి కూలగొట్టిండు. అవతల అరుగు మంచిగ కనవడ్డది గానీ అరుగు మీద ఎవ్వరు లేరు. నాలుగు దినాలు అవ్వ బయటికి రాలె. అయిదో దినం మా వాకిట్లకు వచ్చి నిలవడ్డది.

"గాలయ్యా, తాళాల సంగతి మా అందరికంటే నీకు ఎక్కువ తెల్సు. నాకొకటి జూసి పెట్టు."

మా ఆయన తల ఎత్తలె. "నీ ఇంట్ల ఏమున్నదని అవ్వా..."

"దొంగలకు గాదు నాయినా. నలుగురు మంచోళ్ళు వచ్చి మల్ల నా సందుగ తెరవకుండ."

ఆయన ఆ దినం బండి కట్టలె, మూడు కోసులు నడిచి పోయిండు. రామచంద్రం సావుకారి మొదలు చూపెట్టిన ఆ చిన్న అలీగఢ్ తాళమే తెచ్చిండు. ఎగరేసి చూసిండో లేదో నేను అడుగలె. తనే కూసుండి అవ్వ తలుపుకు గొళ్ళెం బిగించిండు. సుత్తె రెండుసార్లు వేలు మీద కొట్టుకున్నడు.

అవ్వ తాళం వేసి, రెండుసార్లు గుంజి జూసింది. ఎన్నేండ్ల అలవాటో, చెవి కోసం నా చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. ఆమె నా చెయ్యి దిక్కు జూసి, చెవిని కొంగుకు ముడేసుకొని, చింతపండు చాట సంకల పెట్టుకొని అరుగు దిగి పోయింది.