కంపెనీ వాళ్ళొచ్చిన ఆదివారం

ఆ రోజుల్లో మా గోదావరి జిల్లాల్లో మనిషి ఏం చేస్తాడని ఎవరూ అడిగేవారు కాదు, ఎవరి తాలూకు అని మాత్రమే అడిగేవారు. నాకు అది బాగా కలిసొచ్చింది, ఎందుకంటే నేను ఏమీ చేసేవాణ్ణి కాదు. మా ముత్తాతగారికి లంక భూములుండేవి, ఒక ఏనుగు కూడా ఉండేదట. తాతగారి హయాంలో అన్నీ పోయాయి (ఎలా పోయాయని అడక్కండి. ఆయన ఏది చేసినా ఘనంగానే చేశారు, పోగొట్టడం కూడా). నాన్నగారి వాటాకి రావులపాలెం దారిలో, కాలవ పక్కన ఒక మామిడి తోట మిగిలింది. దాంతోపాటు ఊరివాళ్ళు అలవాటు మానలేక తగిలించే 'బాబుగారు' అన్న మాట మిగిలింది. ఆయన పెదబాబుగారు, నేను చినబాబుగారిని. డిగ్రీ ప్యాసై ఇంట్లో కూర్చున్నాను. వచ్చిన ఉద్యోగాలన్నీ ఇంకొకరి ముందు నిలబడే ఉద్యోగాలే, అవి మాకు సరిపడవు. కూర్చుని చేసే ఉద్యోగమే ఏదో ఒకటి నన్ను వెతుక్కుంటూ రావాలని నేను ఓపిగ్గా ఎదురుచూస్తున్నాను.

తొంభైల చివర్లో నాన్నగారికి ఒక ఆలోచన వచ్చింది. తీర్థాల్లో, జాతరల్లో రాట్నాలు తిప్పే ముసలాయన ఒకడు వృత్తి మానేస్తుంటే, అతని దగ్గర ఒక జైంట్ వీలు, ఒక రంగులరాట్నం, ఏనుగు తల ఉన్న ఒక బొమ్మ రైలు కొని తోటలో పెట్టించి 'పార్కు' అన్నారు. జనం విరగబడి వచ్చారు. అయితే నాన్నగారు గేటు పక్కన పడక్కుర్చీ వేసుకుని కూర్చునేవారు. వచ్చిన ప్రతివాణ్ణి పలకరించేవారు. మా జిల్లాలో రెండు నిమిషాలు మాట్లాడితే చుట్టరికం కలవని మనిషి పుట్టడు కదా! "ఓరి, నువ్వు మన ఆలమూరు సీతయ్య మనవడివా? నీకు టికెట్టేంట్రా!" అని లోపలికి పంపించేవారు. టికెట్ కొనేది పాపం నోరు తెరవని పిరికివాళ్ళు మాత్రమే. మా పార్కు జిల్లా మొత్తానికి ఇష్టమైన పార్కు అయ్యింది. మాకు మాత్రం రైలుకి డీజిలు పోయించడమే కష్టమయ్యేది.

అలాంటి సమయంలో రాజమండ్రి అత్త ఒక కబురు తెచ్చింది (మా మేనత్త, మా ఇంటికి కబుర్లూ తీర్మానాలూ రెండూ ఆవిడే తెచ్చేది). హైదరాబాదులో ఒక కంపెనీ ఉందట. ఊళ్ళల్లో కుటుంబాలు నడుపుకునే చిన్న చిన్న పార్కులు కొని, అన్నిటికీ ఒకే రంగు పూసి, ఒకే పేరు పెట్టి నడుపుతుందట. మా పార్కు మీద కన్నేసిందట. నాన్నగారు ఒకే ఒక్క షరతు పెట్టారు. మా వాణ్ణి మేనేజరుగా పెట్టుకోవాలి అని. చూసి చెబుతాం అన్నారు వాళ్ళు. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర లేదు. మేనేజరు! మా తోటలోనే, మా మామిడి చెట్ల నీడలోనే, గాజు తలుపుల గది, గిర్రున తిరిగే కుర్చీ. అద్దం ముందు నిలబడి "మేనేజరుతో మాట్లాడాలా? కూర్చోండి" అని రకరకాల గొంతుల్లో అనుకునేవాణ్ణి. ఉద్యోగం చేస్తే అదే చెయ్యాలి, లేకపోతే ఏదీ చెయ్యకూడదు అని నిశ్చయించుకున్నాను.

కంపెనీ వాళ్ళు ఫోన్ చేశారు. "ఆదివారం వస్తామండి. పార్కు ఎలా నడుస్తుందో చూస్తాం." మా ఇంట్లో ఈ వాక్యంలో మొదటి ముక్క మాత్రమే అందరికీ వినబడింది. పెద్దమనుషులు వస్తున్నారు! పనసపొట్టు కూరకి, పులిహోరకి, పూతరేకులకి పురమాయింపులు జరిగిపోయాయి. అప్పుడు నేను ఒక సలహా ఇచ్చాను. మా ముత్తాతగారి రోజుల్లో కలెక్టరు దొర తోటకి వస్తే చుట్టుపక్కల పిట్ట కూడా ఎగరకుండా చూసేవారట. ఇప్పుడు మాత్రం ఐస్ క్రీం మూతులతో పిల్లలు అడ్డం పడుతుంటే ఏం మర్యాద? "ఆ పూటకి జనాన్ని రానివ్వొద్దు నాన్నగారూ" అన్నాను. ఆయన కళ్ళు చెమర్చాయి. "చూశావా చెల్లీ! ఎవరు నేర్పారు వీడికి? రక్తంలో ఉండాలి" అన్నారు. అత్త నా తల నిమిరి, తన కణతల దగ్గర మెటికలు విరిచింది.

ఆదివారం పొద్దున్నే ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని గేటు మూసి ముందు నిలబడ్డాను. బస్సులు దిగినవాళ్ళు, ఆటోలు దిగినవాళ్ళు వచ్చారు. అందరినీ తిప్పి పంపించాను. నాకు అంత తృప్తిగా ఎప్పుడూ లేదు. చివర్లో రావులపాలెం అరటిపళ్ళ మార్కెట్టు షావుకారు ఒకాయన వ్యాన్ నిండా జనంతో దిగాడు. పిల్లాజెల్లా, క్యారేజీలు, నీళ్ళ బిందెలు, మధ్యలో మెడలో గొలుసుతో కొత్త అల్లుడు.

"ఇవాళ పెద్దమనుషులు వస్తున్నారండి. మామూలు జనానికి ప్రవేశం లేదు" అన్నాను.

షావుకారు అల్లుడి వైపు ఒకసారి చూశాడు, నా వైపు ఒకసారి చూశాడు. "అయితే మేమేంటండి, చిన్నమనుషులమా?"

"రేపు రండి."

"రేపు మా అల్లుడు తణుకు వెళ్ళిపోతాడండి."

"అది మీ ఇష్టం" అన్నాను, ముత్తాతగారు ఇలాగే అని ఉంటారు అనిపించేంత బాగా. వాళ్ళు వెళ్ళిపోలేదు. ఎదురుగా ఉన్న సోడా కొట్టు పాక కింద కూర్చుని, మా గేటుని శత్రువుని చూసినట్టు చూస్తూ ఉండిపోయారు.

పదకొండింటికి కంపెనీ కారొచ్చింది. అందులోంచి ఎండలో కూడా సూటు విప్పని ఒక పెద్దాయన దిగాడు. ఆయన వెనక టై కట్టుకున్న కుర్రాడు ఒకడు. ఆ టై కుర్రాడి చేతిలో చిన్న మిషను. మనిషి కనబడితే దాని మీద టిక్కుమని నొక్కాలి, అది లెక్క వేసుకుంటుంది. అతను వేలు సిద్ధంగా పెట్టుకుని లోపలికి అడుగుపెట్టాడు. తోట అంతా ఊడ్చి ముగ్గులేసి ఉంది. జైంట్ వీలుకి బంతిపూల దండ వేసి ఉంది. ఎక్కడా అలికిడి లేదు. రాట్నం మీది కొయ్య గుర్రాలు మమ్మల్ని చూస్తున్నాయి.

"ఇవాళ ఆదివారమే కదండి?" అన్నాడు సూటాయన.

"ఆయ్, ఆదివారమేనండి" అన్నారు నాన్నగారు.

"మరి జనం ఏరండి?"

నాన్నగారి ముఖం వెలిగిపోయింది. "ఒక్కడూ లేడండి! మీకు ఇబ్బంది కలక్కూడదని పొద్దున్నించీ మావాడు ఒక్క పురుగుని కూడా రానిస్తే ఒట్టు!"

నేను కొద్దిగా తల వంచి ఆ పొగడ్త స్వీకరించాను. టై కుర్రాడి వేలు గాల్లోనే ఉండిపోయింది. కంచె సందులోంచి ఒక మేక లోపలికి దూరితే, ఉండబట్టలేక దానికే ఒకసారి టిక్కుమని నొక్కేశాడు.

"బాబుగారూ," అన్నాడు సూటాయన చివరికి, "మేము చూడ్డానికొచ్చింది ఆ జనాన్నేనండి. మామిడి తోట చూడ్డానికైతే ఇంతదూరం దేనికి? సరే, వెళ్ళొస్తాం."

నాలో ఏదో గిర్రున తిరిగి ఆగిపోయింది. అది కుర్చీయే అయ్యుండాలి. నాన్నగారికి మాత్రం పార్కు సంగతి పట్టనే లేదు. "వెళ్ళడమేంటండి? అన్నం తినకుండా మా గుమ్మం దాటి ఎవరన్నా వెళ్ళారా ఇంతవరకు!" అని ఆయన సూటాయన చెయ్యి పట్టుకున్నారు. మా వైపు అలా చెయ్యి పట్టుకుంటే ఇక వదిలించుకోవడం ఎవరి తరమూ కాదు. అరటాకులు వేసేలోగా నాకు కొంత సమయం దొరికింది. గేటు తెరుచుకుని సోడా కొట్టు వైపు పరిగెత్తాను (మా వంశంలో రోడ్డు మీద పరిగెత్తిన మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను).

"రండి, రండి. గేటు తీశాం. అందరూ లోపలికి రండి" అన్నాను ఆయాసపడుతూ.

ఒక్కరూ లేవలేదు. అందరూ షావుకారు వైపు చూశారు. ఆయన సోడా పూర్తిగా తాగి, సీసా కింద పెట్టి, మీసం తుడుచుకున్నాడు. "ఇందాక పొమ్మన్నారు, పోయాం. ఇప్పుడు రమ్మంటే వచ్చేయడానికి మేమేమన్నా కోళ్ళమాండి? కొత్త అల్లుడి ముందు మా పరువు తీశారు. పిలవండి, వస్తాం. పద్ధతిగా పిలవండి."

"పిలుస్తున్నా కదండీ!"

"ఇది పిలవడమాండి? కేకెయ్యడం. మీ ఇంట్లో ఆడవాళ్ళెవరూ లేరా? బొట్టు పెట్టి పిలిస్తే వస్తాం."

షావుకారు భార్య పక్కనుంచి అందుకుంది: "అలా చెప్పండి! ముత్తయిదువుల్ని ఎండలో కూర్చోబెట్టారు."

అత్తకి విషయం చెప్పాను. ఆవిడ కుంకుమ భరిణ పట్టుకుని, కొంగు సర్దుకుని, అరటాకుల్లో వడ్డించడం సగంలో వదిలేసి వచ్చింది. ఆడవాళ్ళందరికీ వరసగా బొట్టు పెట్టి "మా తోటకి దయచెయ్యండమ్మా, పిల్లల్ని, అల్లుడుగారిని తీసుకుని రండమ్మా" అని పిలిచింది. మగవాళ్ళ సంగతి నాది. మా ఇంట్లో నమస్కారాలు అందుకోవడం అందరికీ వచ్చు, పెట్టడం ఎవరూ నేర్పలేదు. చేతులు గుండె దగ్గర కలపాలో గడ్డం దగ్గర కలపాలో తేల్చుకోలేక, మధ్యలో కలిపాను. షావుకారు నావైపు పరీక్షగా చూశాడు. "ఇంకొంచెం వంగాలి చినబాబుగారూ. అల్లుడికి కనబడద్దూ?" వంగాను. తణుకు అల్లుడు మొహమాటపడిపోయి "పర్లేదండి, పర్లేదండి" అన్నాడు. షావుకారు కండువా దులిపాడు. పాక కింద ఉన్నవాళ్ళంతా లేచారు. వాళ్ళని చూసి కాలవ గట్టు మీద పచార్లు చేస్తున్నవాళ్ళు కూడా వచ్చారు. బస్టాపు దగ్గర ఉన్నవాళ్ళు "మమ్మల్ని పిలవరేంటండి?" అని అడిగి మరీ నమస్కారం పెట్టించుకున్నారు. కాసేపట్లో నా చేతులు వాటంతట అవే కలవడం మొదలుపెట్టాయి.

తోట నిండిపోయింది. టై కుర్రాడు పులిహోర చేత్తోనే టిక్కు టిక్కుమని నొక్కుతూ "సార్, సార్!" అంటున్నాడు. సూటాయన విస్తరి ముందు నుంచి తల ఎత్తి చూశాడు. మొహంలోకి కళ వచ్చింది. "భలేగా ఉంది బాబుగారూ! మరి టికెట్ల కౌంటరు దగ్గర ఎవరూ లేరేంటి?"

నాన్నగారు ఆయన్ని జాలిగా చూశారు. "బొట్టు పెట్టి పిలిచాం కదండి. పిలిచినవాళ్ళ దగ్గర టికెట్టు తీసుకుంటారాండి ఎక్కడైనా? మీ హైదరాబాదులో తీసుకుంటారా?"

సూటాయన పులిహోర ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆయన విస్తరిలో అత్త ఇంకో పూతరేకు వేసింది. తర్వాత ఆయన్ని బొమ్మ రైలు ఎక్కించారు. ముందు పెట్టెలో కూర్చోబోతుంటే షావుకారు సౌమ్యంగా అడ్డం వచ్చాడు. "మీరు వెనకాల సర్దుకోండి. ముందు అల్లుడుగారు కూర్చుంటారు." కంపెనీ పెద్దాయన అరటిగెలల వాళ్ళ పిల్లల మధ్య, ఒకణ్ణి ఒళ్ళో పెట్టుకుని, తోట చుట్టూ తిరిగాడు. రైలు కూత పనిచెయ్యకపోవడం వల్ల పిల్లలు వేశారు. రెండో చుట్టులో ఆయన కూడా వేశాడు. దిగాక సూటు విప్పి మామిడి కొమ్మకి తగిలించి, నాన్నగారి పడక్కుర్చీలో నిద్రపోయాడు.

సాయంత్రం కాఫీ తాగుతూ చెప్పాడు. "పార్కు తీసుకుంటాం బాబుగారూ. జనం ఉన్నారు. మీవాళ్ళెవరూ టికెట్ల జోలికి రాకపోతే చాలు, మిగతాది మేము చూసుకుంటాం."

"మరి మావాడు?" అన్నారు నాన్నగారు.

నేను పంచె సర్దుకుని నిలబడ్డాను. సూటాయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "మేనేజర్లు మాకు చాలామంది ఉన్నారండి. పొద్దున్న తరిమేసిన జనాన్ని మధ్యాహ్నానికి నమస్కారం పెట్టి లోపలికి తెచ్చిన మనిషి మాత్రం మా దగ్గర ఒక్కడూ లేడు. ఇతన్ని గదిలో కూర్చోబెట్టి పాడుచేసుకుంటామా? గేటు దగ్గర నిలబెడతాం. వచ్చిన ప్రతివాళ్ళకీ నమస్కారం పెట్టాలి, అంతే."

నాన్నగారు కాఫీ గ్లాసు కింద పెట్టేశారు. మా ముత్తాతగారి గుమ్మం ముందు అలాంటి మనుషులు ఉండేవారు, తలపాగాలతో. వాళ్ళ పేర్లు ఎవరికీ గుర్తులేవు. కాదనడానికి నోరు తెరిచాను. కానీ లోపల రాట్నం మీద పిల్లలు ఇంకా అరుస్తూనే ఉన్నారు. దిగుతూ షావుకారు భార్య "వెళ్ళొస్తాం బాబూ, మళ్ళీ పిలవండి" అంది. అప్రయత్నంగా చేతులు కలిశాయి. "చూశారా!" అన్నాడు సూటాయన.

ఆ ఉద్యోగం చాలా ఏళ్ళు చేశాను. కంపెనీ పసుపు రంగు కోటు ఇచ్చింది. ఆ కంపెనీని ఇంకో కంపెనీ కొని నీలం కోటు ఇచ్చింది. గాజు గదిలో మేనేజర్లు వచ్చారు, పోయారు, కుర్చీలో గిర్రున తిరిగారు. నేను గేటు దగ్గరే ఉన్నాను. చివరికి ఆ కంపెనీ కూడా విసిగిపోయి వెళ్ళిపోయింది. ఇప్పుడక్కడ ఏసీ ఫంక్షన్ హాలు ఉంది.

మొన్న సామర్లకోట స్టేషనులో ఒకావిడ నన్ను పరీక్షగా చూస్తూ ఆగింది. చంకలో పిల్లాడున్నాడు. "ఎక్కడో చూశానండి మిమ్మల్ని. ఎవరండి మీరు?" అంది. నా ఇంటి పేరు చెప్పాను. తెలియదంది. ముత్తాతగారి పేరు చెప్పాను. అస్సలు తెలియదంది. ఏనుగు సంగతి చెప్పబోయాను గాని, రైలు వచ్చేస్తోంది. ఏం తోచక చేతులు జోడించి "దయచెయ్యండమ్మా" అన్నాను.

"అదిగో! పార్కు బాబుగారు!" అని ఆవిడ ప్లాట్‌ఫాం అంతా వినబడేలా అరిచింది. "చిన్నప్పుడు మీ నమస్కారం కోసం మళ్ళీ బయటికెళ్ళి మళ్ళీ లోపలికొచ్చేదాన్నండి!" పిల్లాడి చేత కూడా నాకు నమస్కారం పెట్టించి రైలెక్కేసింది. బండి కదిలి వెళ్ళిపోయాక కూడా నా చేతులు అలాగే ఉన్నాయి. అవతలి ప్లాట్‌ఫాం మీద ఎవరో ముసలాయన, తనకే అనుకున్నాడు కాబోలు, చేతిసంచీ కింద పెట్టి మరీ తిరిగి నమస్కారం పెట్టాడు. నవ్వొచ్చింది. ఈసారి కాస్త వంగి, ఇంకోటి పెట్టాను.