తప్పిన పోగు దాకా

సూరత్‌లో పాండేసరా మగ్గాల షెడ్లలో రాజలింగం పేరు చెబితే బీములు అతికే మనిషి అంటారు. మగ్గం మీద పడుగు అయిపోవస్తే, పడుగు చుట్టిన కొత్త బీము తెచ్చి పెడతారు. పాత పోగు కొసను, కొత్త పోగు కొసను కలిపి, వేళ్లకు కాస్త బూడిద అద్దుకుని మెలిపెట్టాలి. ఒక్కో బీముకు నాలుగైదు వేల పోగులు. ముప్పై ఏళ్లుగా ఆయన పని అదే. సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న ఇత్తడి బూడిద డబ్బీ ఇప్పటికీ జేబులోనే ఉంటుంది. ఆయన అతికిన పోగు మగ్గం అచ్చు పళ్ల సందుల్లోంచి లాగేటప్పుడు తెగదని పేరు.

బమ్రోలిలో తెలుగువాళ్లు ప్రార్థన చేసుకునే గదికి కూడా అందరికన్నా ముందు వచ్చేది ఆయనే. ఊడ్చి, చాపలు పరిచి, కుండలో నీళ్లు నింపుతాడు. నెలలో మొదటి ఆదివారం ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె, ద్రాక్షరసం ఉన్న పళ్లెం తన వరుసకు వచ్చే వేళకు మాత్రం లేచి వెనక్కి వెళ్లి గిన్నెలు కడగడం మొదలుపెడతాడు. బాప్తిస్మం తీసుకుని తొమ్మిదేళ్లయింది. ఒక్కసారీ ఆ రొట్టె ముట్టలేదు.

పాస్టర్ శ్రీరాములుది తుని దగ్గర. రైల్వేలో గార్డుగా రిటైరై సూరత్‌లోనే ఉండిపోయాడు. ఒక ఆదివారం నేరుగా గిన్నెల దగ్గరికే వచ్చాడు.

"ఏమండీ రాజలింగం గారూ, కడిగిన గిన్నెలే ఎన్నిసార్లు కడుగుతారు?"

"నాకు ఇంక అర్హత రాలేదయ్యా. చేయాల్సినయి జర ఉన్నయి."

"అర్హత ఉన్నవాళ్లే తినాలంటే ఆ పళ్లెం నేను కూడా పట్టుకోకూడదండి. రక్షణ ఆయన ఊరికే ఇచ్చేది. నమ్మి చెయ్యి చాపడమే మన వంతు. మంచి పనులంటారా, అవి దాని వెనక వస్తాయి. దానికి ముందు నడవవు."

"మరి చేసిన తప్పు?"

"ఆయన దగ్గర ఒప్పుకున్నారు కదా."

"ఒప్పుకున్న."

"తప్పు ఎవరికి చేశారో ఆ మనిషి దగ్గరో?"

రాజలింగం చేతిలో గిన్నెను ఇంకోసారి కడిగాడు.

ఆ మనిషి మొండయ్య. రాజలింగం బీములు అతికే షెడ్డులోనే ఎనిమిది మగ్గాలు నడుపుతాడు. వరసకు అల్లుడవుతాడు. పన్నెండేళ్ల కిందట రాజలింగం తాగి వచ్చి చారల బీము ఒకటి తప్పు అతికాడు. బట్టంతా చెడింది. సేటు అడిగితే, పోగులు లాగేటప్పుడు మొండయ్యే తెంపి కలగలిపాడని చెప్పాడు. మొండయ్యను తీసేశారు. రెండేళ్లు పల్సానాలో రంగుల మిల్లు ఆవిరిలో పనిచేసి, దగ్గు తెచ్చుకుని తిరిగి వచ్చాడు. తన మీద చాడీ చెప్పింది ఎవరో అతనికి తెలియదు.

అతన్ని తీసేసిన నాటి నుంచి రాజలింగం మందు ముట్టలేదు. షెడ్డులో ఎన్ని బీములున్నా ముందు మొండయ్యదే అతుకుతాడు. రోజూ ఫ్లాస్కులో అల్లం చాయ్ తెచ్చి పోస్తాడు. అతని దగ్గుకు డాక్టరు దగ్గరికి తీసుకుపోయిందీ ఆయనే.

"మామా, ఈ చాయ్ తాపి తాపి నన్ను కూడ మీ మతంల కలుపుతవా ఏంది?" అని మొండయ్య ఎగతాళి చేసేవాడు.

పాస్టరు మాట విన్న మూడో రోజు మొండయ్య మగ్గానికి చారల బీము వచ్చింది. చారల బీములో ప్రతి రంగు పోగుకూ తనదంటూ ఒక స్థానం ఉంటుంది. రాజలింగం పొద్దున్నే కూర్చుని మధ్యాహ్నానికి చివరికి వచ్చాడు. చివర్లో ఒక పోగు మిగిలింది. జోడు లేదు. వెనక్కి వెతికితే ఎడమ అంచుకు జానెడు దూరంలో ఒక పోగు దాటేసినట్టు తేలింది. ఆ తర్వాతవన్నీ ఒక్కో స్థానం జరిగి ఉన్నాయి.

"తెంపి పారెయ్ మామా. ఒక్క పోగే గద. పొద్దటిసంది మగ్గం బందే ఉంది," అన్నాడు మొండయ్య.

"ఒక్కటి గాదు. దాని ఎనక అతికినయన్నీ తప్పే."

"అతుకులు మంచిగనే ఉన్నయి గద."

"అతుకులు మంచిగనే ఉన్నయి," అన్నాడు రాజలింగం. దాటేసిన పోగు మీద వేలు పెట్టాడు. "ఎంత మంచిగ అతికినా ముందటికి పోతే ఇది సక్కగ గాదు. తప్పిన కాడికి పోయి విప్పుకుంట రావాలె."

విప్పడం మొదలుపెట్టాడు. నాలుగు పోగులు విప్పి, తల ఎత్తకుండానే చెప్పాడు.

"మొండయ్యా, నిన్ను పల్సానాకు పంపింది నేను. ఆ బీము నేను తప్పు అతికిన. సేటుకు నీ పేరు చెప్పిన."

పక్క మగ్గాల మోతలో వినపడలేదేమోనని మళ్లీ చెప్పాడు. మొండయ్యకు మొదటిసారే వినిపించింది. ఫ్లాస్కు వైపు చూశాడు.

"అయితే ఇన్నేండ్ల చాయ్ అంత గిందుకేనా?"

"గిందుకే."

"నేను నీకు నా మీద ప్రేమ, పావురం అనుకున్న మామా."

అతను బయటికి వెళ్లిపోయాడు. రాజలింగం పోగులన్నీ విప్పి, దాటేసిన పోగు నుంచి మళ్లీ అతికాడు. చీకటి పడేసరికి బీము పూర్తయింది. మొండయ్య వచ్చి మగ్గం ఆన్ చేశాడు. చారలు చక్కగా వచ్చాయి.

మొదటి ఆదివారం వచ్చేనాటికి కూడా మొండయ్య మాట్లాడలేదు. అతని కొత్త బీముకు వేరే మనిషిని పిలిపించుకున్నాడు. ప్రభువుకు చూపించుకోవడానికి ఆ రోజు రాజలింగం దగ్గర ఏమీ లేదు. చేసిన మేలంతా ఆ మనిషి ముందు చెడిపోయింది. క్షమాపణ దొరకలేదు. పళ్లెం తన వరుసకు వచ్చింది. ఆయన లేవలేదు. చెయ్యి చాపాడు. గోళ్ల సందుల్లో బూడిద ఉంది. శ్రీరాములు రొట్టె ముక్క ఆ చేతిలో పెట్టాడు.

ఇంకో మూడు వారాలకు మొండయ్య రాజలింగాన్ని షెడ్డు గుమ్మంలో ఆపాడు.

"ఆ అతికేటోడు మంచిగ అతుకుతలేడు. అన్నీ తెగుతున్నయి. రేపు బీము దిగుతది, నువ్వే రా."

"వస్త."

"చాయ్ తేకు."

"తేను."

మర్నాడు రాజలింగం బూడిద డబ్బీ ఒక్కటే తీసుకుని వెళ్లాడు.