దోన్ ఫిదెన్సియో గారు సోల్డరింగ్ ఐరన్ కొంటారట

దోన్ ఫిదెన్సియో గారికి అనుమానం. దేనిమీద అని అడక్కండి, దేనిమీద లేదో చెప్పడమే కష్టం. చినుకు పడితే ముందు తలెత్తి, మేడమీంచి ఎవరైనా నీళ్ళు పోస్తున్నారేమో చూసుకుని, అప్పుడు గానీ గొడుగు విప్పరు. అలాంటి మనిషి, లెడ్డు కరిగించి వైర్లు అతికే సోల్డరింగ్ ఐరన్ ఒకటి కొందామని మా కొట్టుకి వచ్చారు. పద్నాలుగు నెలలపాటు వచ్చారు.

మాది మెక్సికో నగరం నడిమధ్యన సాల్వడార్ వీధిలో, ఎలక్ట్రానిక్ సామాన్ల సందులో, చేతులు రెండూ బారచాపితే గోడలు తగిలే కొట్టు. మా బాబాయి తర్వాత నేనే నడుపుతున్నాను. మొదటిరోజు ఆయన సరిగ్గా పదకొండింటికి వచ్చారు. టోపీ తీసి చంకలో పెట్టుకుని, గాజు పెట్టెలో ఉన్న ఐరన్ వైపు వేలు చూపించారు.

"ఇది ఎన్ని వాట్లమ్మా?"

"అరవై."

"ఎవరన్నారు?"

"పెట్టెమీద రాసుందండీ."

"పెట్టె ఎవరిది?"

"తయారుచేసినవాళ్ళది."

"అంటే వాళ్ళ గురించి వాళ్ళే చెప్పుకున్నారన్నమాట," అని తలాడించి, మళ్ళీ రేపొస్తానని వెళ్ళిపోయారు. వచ్చారు కూడా.

ముప్ఫై రెండేళ్ళు లిఫ్టు మెకానిక్కుగా చేసి రిటైరైన మనిషి. తాడు బాగానే ఉందిలే అనుకున్న వాళ్ళెవరూ తనతోపాటు పెన్షన్ తీసుకోవడం లేదని తన అనుమానానికి ఆయన చెప్పే కారణం. భార్య పోయాక ఆయనా, బావమరిది గుమారో ఒకే ఇంట్లో ఉంటున్నారు. ఫ్రిజ్‌లో దాచుకున్న జున్ను రోజూ కొంత తరుగుతోందట. తలుపు తెరవగానే కుయ్యిమనే యంత్రం ఒకటి సొంతంగా తయారుచేసి దొంగని పట్టుకోవాలని ఆయన పట్టుదల. ఇంట్లో ఉన్నదే ఇద్దరు కదండీ, దొంగెవరో తెలియడానికి యంత్రమెందుకని నేనడిగాను. సాక్ష్యం లేకుండా మనిషిమీద నిందెయ్యకూడదన్నారు.

ఆ మర్నాడే గుమారో వచ్చాడు. వీధిలో బుట్టలో పెట్టి అమ్మే టాకో రొట్టెలు తిన్నట్టున్నాడు, మీసానికి పచ్చడి అంటుకునుంది. "మా బావకి ఐరన్ అమ్మకండి తల్లీ, మీకు పుణ్యముంటుంది," అని బతిమాలాడు. అమ్మకపోవడానికి నా సాయమేమీ అక్కర్లేదని, ఆయనే చూసుకుంటున్నారని చెప్పి పంపాను.

నిజంగానే చూసుకున్నారు. ఒక ఐరన్‌ని కరెంటు పెట్టకుండానే కలం పట్టుకున్నట్టు పట్టుకుని పది నిమిషాలు నిలబడేవారు, చెయ్యి లాగుతుందా అని. పట్టుకునే చోటికీ, లెడ్డు కరిగించే మొన ఉంటుందే, ఆ బిట్టు కొసకీ మధ్య దూరం వేళ్ళతో కొలిచేవారు. దూరం ఎక్కువైతే కొత్తవాళ్ళ చెయ్యి వణుకుతుందని తేల్చారు. వైరు బిరుసుగా ఉంటే అది ఐరన్‌ని వెనక్కి లాగుతుందన్నారు. ఈ బిట్టు అరిగిపోతే రెండేళ్ళ తర్వాత ఇలాంటిదే దొరుకుతుందని రాసిస్తారా అని అడిగారు. వేడి తగ్గించి పెంచే మర తిప్పి, అంకె మారితే వేడి మారినట్టేనా అని నిలదీశారు. చేతిరుమాల్లో చుట్టిన సొంత టెస్టరు తెచ్చుకునేవారు. మా టెస్టరు మా మనిషేనట, మావైపే మాట్లాడుతుందట.

అక్కడితో ఆగితే నేనెలాగో భరించేదాన్ని. మిగతా గిరాకీల్ని కూడా వదిలేవారు కాదు. ఎవరు వచ్చి సోల్డరింగ్ ఐరన్ అన్నా, పక్కనుంచి మెల్లిగా మొదలెట్టేవారు. ఎందుకు? ఎక్కడ పెట్టి చేస్తారు? ఇల్లెక్కడ? ఇంట్లో చిన్నపిల్లలున్నారా? సూట్‌కేసు పట్టుకొచ్చిన ఒకాయన ఈయన్ని పన్నుల ఆఫీసు మనిషనుకుని, తీసుకున్న లెడ్డు చుట్ట కూడా వదిలేసి పారిపోయాడు.

యాదీరా అని, చెప్పుల కొట్టులో పనిచేసే అమ్మాయి వచ్చింది. దీపాలు వెలిగే జుట్టు క్లిప్పులు చేసి ఆదివారం సంతలో అమ్ముకుందామని ఆశ. సూదిలా సన్నగా ఉన్న బిట్టు అడిగింది. సన్నపని కదా, సన్నది కావాలంది. దోన్ ఫిదెన్సియో గారు ఆమెని పైనుంచి కిందకి చూశారు.

"సన్నదని ఎవరు చెప్పారు నీకు?"

"చూస్తేనే తెలుస్తోంది కదండీ."

"చూస్తే తెలిసేదేదీ నేను నమ్మను. ఆ సూది మొన వేడిని పట్టి ఉంచదు, లెడ్డు కరగదు, నువ్వు విసుగొచ్చి నొక్కుతావు, బోర్డు మాడుతుంది. ఉలిలా కాస్త వెడల్పున్నది తీసుకో."

అప్పటికి ఆయన జన్మలో ఒక్కసారి కూడా సోల్డరింగ్ చెయ్యలేదు. ఆ సంగతి యాదీరాకి నేను చెప్పలేదు. అయితే ఆయన మాట విని కొన్నవాళ్ళెవరూ తిరిగొచ్చి నాతో గొడవపడలేదని కూడా ఒప్పుకోవాలి.

ఇలా ఉండగా వానాకాలంలో ఒక టోకు వ్యాపారి నాకు నీలం పిడి ఐరన్‌లు ఇరవై తెచ్చిచ్చాడు. ధర సగం, వేడి మార్చే మర ఉంది, ప్లగ్గుకి మూడు కాళ్ళు, చూడ్డానికి మిఠాయిలా ఉన్నాయి. వారంలో ఎనిమిది అమ్ముడుపోయాయి. యాదీరా అప్పటిదాకా అరువు ఐరన్‌తో నెట్టుకొస్తోంది. ఆమె కొంది, గిటారు నేర్పే ఉల్పియానో మాస్టారు కొన్నారు. ఒకటి నా బల్లమీదే పెట్టుకుని, వచ్చినవాళ్ళకి లెడ్డు కరిగించి చూపిస్తున్నాను.

దోన్ ఫిదెన్సియో గారు వాటిని ముట్టుకోలేదు. దూరం నుంచే వాసన చూశారు. ఒకటి విప్పి చూపించమన్నారు. విప్పితే ఎవరు కొంటారన్నాను. విప్పకపోతే ఎవరు కొంటారన్నారు. ఎనిమిది మంది కొన్నారని చెప్పాను. ఆ ఎనిమిది మంది గురించే తన బెంగ అన్నారు. అప్పుడే వానకి సందులోకి నీళ్ళొచ్చాయి, పొద్దున్నుంచి తిండి లేదు, నోరు జారింది.

"దోన్ ఫిదెన్సియో గారూ, కొంటే కొనండి. కొనకపోతే గిరాకీకి అడ్డం నిలబడకండి."

ఆయన చంకలోంచి టోపీ తీసి తలమీద పెట్టుకున్నారు. తర్వాత జేబులోంచి పర్సు తీశారు. "ఒక నీలంది ఇవ్వండి," అన్నారు.

సందంతా కదిలింది. బ్యాటరీలమ్మే ఆవిడ చప్పట్లు కొట్టింది. ఎదురు కొట్టు బాల్తసార్ గడపలోకి వచ్చి మరీ చూశాడు. ఆయన ఎవరివైపూ చూడకుండా పొట్లం చంకలో పెట్టుకుని వానలో వెళ్ళిపోయారు. గెలిచానని ఆ సాయంత్రం కాఫీలో రెండు చెంచాల చక్కెర ఎక్కువేసుకున్నాను.

మర్నాడు పదకొండింటికి ఆయన రాలేదు. వచ్చింది గుమారో. నీలం ఐరన్‌లు ఎన్నున్నాయని అడిగాడు. పది ఉన్నాయన్నాను. పదీ కావాలన్నాడు. చర్చిలో కుర్రాళ్ళకి పని నేర్పిస్తారట. చర్చి పేరడిగితే పైకప్పు వైపు చూశాడు. మొత్తం కట్టించుకుని, నా బల్లమీదున్నది కూడా ఇవ్వమన్నాడు. అది వాడిందయ్యా అంటే, వాడిందైనా ఫరవాలేదట. నవ్వుతూ ప్లగ్గు పీకి ఇచ్చేశాను. బావకి ఐరన్ అమ్మొద్దని బతిమాలినవాడు పదకొండు మోసుకుపోతున్నాడేమిటి అని నాకు రావలసిన అనుమానం డబ్బు పెట్టెలో పడేటప్పుడు రాలేదు, రాత్రి పడుకున్నాక వచ్చింది.

వారం గడిచింది. పదకొండు కొట్టినప్పుడల్లా సందు చివరికి చూస్తున్నాను. అలా చూస్తున్నందుకు నామీద నాకే చిరాకు. ఆ శనివారం యాదీరా వచ్చి, మీ కంపెనీ మనిషిని పంపినందుకు చాలా థాంక్సండీ అంది.

నాకు కంపెనీ లేదు. మనిషి అంతకన్నా లేడు. ఏం జరిగిందని అడిగాను. టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన వాళ్ళ ఇంటికి వచ్చాడట. నీలం ఐరన్‌లో లోపం ఉందని కొట్టు ఆవిడే కనిపెట్టిందని, సిగ్గుపడి తనని పంపిందని చెప్పి, పాతది పట్టుకెళ్ళి ఇంకా మంచిది ఇచ్చాడట. ఆయనెవరో తనకి తెలియనట్టు యాదీరా నా మొహంలోకి చూడకుండా చెప్పింది. మధ్యాహ్నం ఉల్పియానో మాస్టారు వచ్చారు. అదే కథ. కాఫీ ఇస్తే ఆ పెద్దాయన వాసన చూసి గానీ తాగలేదట.

మాస్టారి చేతిలో ఉన్న కొత్త ఐరన్ చూస్తే నా కడుపు మండింది. అది నా కొట్టులోది కాదు, బాల్తసార్ కొట్టులోది. ఓహో, పద్నాలుగు నెలలు నా గడపలో నిలబడి, నా గిరాకీల ఇళ్ళెక్కడో కూపీ లాగి, ఎదురు కొట్టుకి తోలుకుపోతున్నాడన్నమాట ఈ పెద్దమనిషి. నేరుగా దాటి వెళ్ళి బాల్తసార్‌ని కడిగేశాను.

అతను నోరెళ్ళబెట్టాడు. ఆయన వచ్చి, ఒక ఐరన్ చూపించి, ఎనిమిది ఇమ్మన్నారట. బాల్తసార్‌కి కూడా ఆయన సంగతి తెలుసు కాబట్టి, ఒంట్లో బాగుందాండీ, ఈసారి సరుకు చూసుకోరేం అని అడిగాడట. "నాకైతే చూసుకునేవాణ్ణి. ఇవి వేరేవాళ్ళకి, ఇవాళే కావాలి," అన్నారట.

వెనక్కి వచ్చాను. అప్పటిదాకా యాదీరా చెప్పిన 'లోపం' అన్న మాట నా చెవికెక్కలేదు. కొట్టుకి తాళం వేసి రెహీనా వీధిలో వాళ్ళింటికి నడిచాను.

గుమారో తలుపు తీశాడు. నన్ను చూడగానే, నాకేం తెలీదు తల్లీ, బావే పంపాడు అని అడక్కుండానే చెప్పేశాడు. లోపల వంటింటి బల్లమీద ఇరవై నీలం ఐరన్‌లు, ఇరవైకీ వైర్లు కత్తిరించి, చేపల్లా వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. దోన్ ఫిదెన్సియో గారు లేచి, వాటిలో నా బల్లమీదిదాని పిడి విప్పి నా చేతికిచ్చారు. ప్లగ్గుకి షాక్ కొట్టకుండా కాపాడే మూడో కాలు ఉందిగానీ దానికి వైరే లేదు. లోపల కరెంటు వైరు తొడుగు కరిగి, బిట్టు పట్టుకునే ఇనప గొట్టానికి వెంట్రుకవాసి దూరంలో ఉంది. ఇంకో నెల వాడితే ఆ గొట్టానికి కరెంటు తగిలేది. వారంపాటు నేనే దాన్ని పట్టుకుని అందరికీ చూపించాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబుదామనే అనుకున్నా. ముందు మీకు తెలిసే అమ్ముతున్నారేమో తేల్చుకోవాలిగా."

"నన్ను అనుమానించారా?"

"ఒక రాత్రంతా," అన్నారాయన, ఏమాత్రం మొహమాటం లేకుండా. "అందుకే బల్లమీదది కూడా అడగమన్నాను. తెలిసినవాళ్ళయితే దాన్ని చేత్తో ముట్టుకునేవారు కాదు. మీరు పట్టుకుని, నవ్వుతూ ఇచ్చారని గుమారో చెప్పాడు. అప్పుడు నిద్రపట్టింది."

మరి తర్వాతైనా చెప్పొచ్చు కదా అన్నాను. ఆయన టెస్టరు చేతిరుమాల్లో చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతూ గొణిగారు. కరెంటు కొట్టే సరుకు అమ్మిందని సందులో ఒక్కడికి తెలిస్తే చాలట, కొట్టు మూతే. కొన్నవాళ్ళ ఇళ్ళు తనకి ఎలాగూ తెలుసు. మీరే పంపారంటే మీకే మంచిపేరు. "మీ కొట్టు మూతపడితే నేను పదకొండింటికి ఎక్కడికి పోవాలి?" అన్నారు చివరికి, తప్పంతా నాదే అన్నట్టు.

నాకు కోపం తెచ్చుకోవాలో దణ్ణం పెట్టాలో తెలియక, నేను అనుమానించిన సంగతి కూడా చెప్పేశాను. బాల్తసార్‌కి గూఢచారి అనుకున్నానన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. అంత ఆనందం ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. "సరైన పని చేశారు. నమ్మితే ఎలా?" అని మెచ్చుకున్నారు.

టోకు వ్యాపారి చేత ఆ సరుకంతా వెనక్కి తీయించి, ఆయనకి పడిన ఖర్చు ఆయనకి ఇచ్చాను. ప్రతి నోటూ కిటికీ వెలుతుర్లో పట్టి చూసుకున్నారు.

సోమవారం నుంచి మళ్ళీ వస్తున్నారు. సొంత ఐరన్ మాత్రం ఇంకా కొనలేదు. కొట్టుకి ఏ కొత్త సరుకు వచ్చినా ముందు ఒకటి విప్పి ఆయన ముందు పెడుతున్నాను. ఇందులో నా ఎత్తు ఏదో ఉందని ఆయన అనుమానం.

మొన్న యాదీరా వచ్చింది. ఆయన అక్కడే ఉన్నారు. ఆమె నావైపు తిరిగి, ఆ కంపెనీ పెద్దాయన వస్తే ఇది ఇవ్వండి అని, ఆయనకి వినబడేలా చెప్పి, చిన్న బిళ్ళ ఒకటి బల్లమీద పెట్టింది. తగిలించుకునే బిళ్ళ. మధ్యలో ఎర్రదీపం మినుకుమినుకుమంటోంది.

దోన్ ఫిదెన్సియో గారు అలాంటి మనిషిని తానెప్పుడూ చూడలేదన్నారు. అయినా బిళ్ళ తీసుకుని, వెనక్కి తిప్పి, భూతద్దం పెట్టి, ఒక్కో అతుకూ చూశారు. అతుకులు ఆరు. ఆరూ నున్నగా, మెరుస్తూ ఉన్నాయి. ఏడోది ఎక్కడైనా ఉందేమోనని కూడా వెతికారు.

"ఇది ఎవరు చేశారు?"

"నేనేనండీ."

"అనుమానమే," అన్నారు.

అని, బిళ్ళని టోపీకి గుచ్చుకుని, టోపీ తలమీద పెట్టుకుని, రేపొస్తానని బయల్దేరారు. ఆ మబ్బు మధ్యాహ్నం సందు పొడుగునా జనంలోంచి ఎర్రదీపం ఆరుతూ వెలుగుతూ వెళ్ళింది. మలుపు దాకా వెళ్ళేలోపు రెండుసార్లు ఆగి టోపీ తీసి, ఇంకా వెలుగుతోందో లేదో చూసుకున్నారు.