టిప్పు గీత మీద సున్నా

అమెరికా వెళ్ళాలన్న కోరిక మా విజయక్కది. ఇరవై అయిదో పెళ్ళిరోజుకి గ్రాండ్ కాన్యన్ చూడాలంది. సూర్యం బావ ఆర్నెల్లు నాన్చి, టిక్కెట్లు చవగ్గా దొరికాక సరేనన్నాడు. సింగపూర్‌లో వాళ్ళుండేది పుంగ్గోల్‌లో, నేను సెంబవాంగ్‌లో. అంత దూరాలు కారు నడపడానికి ఇంకో మనిషి కావాలి కాబట్టి నన్నూ రమ్మన్నారు. మా మేనకోడలు తేజుకి నవంబరు స్కూలు సెలవులు మొదలవగానే బయల్దేరాం.

ఛాంగీ విమానాశ్రయంలో ఉదయం ఏడింటికి, ఫుడ్ కోర్టులో ఖాళీ బల్ల చూసి బావ దాని మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి లైన్లోకి వెళ్ళాడు. సింగపూర్‌లో దీన్ని చోప్ చెయ్యడమంటారు. ప్యాకెట్ ఉన్న బల్ల జోలికి ఎవరూ పోరు. తినడం అయ్యాక ట్రే వెనక్కిచ్చి, ప్యాకెట్ జేబులో వేసుకుంటాడు. అందులోంచి ఆయన ఒక్క టిష్యూ తీసి వాడటం నేనెప్పుడూ చూడలేదు.

"అక్కడ హోటళ్ళలో టిప్ ఇవ్వాలి బావా" అన్నాను దోసె తింటూ.

"ఎందుకోయ్? మన దగ్గర బిల్లులోనే సర్వీస్ ఛార్జి వేసేస్తారు. విడిగా చేతిలో పెడితే దాన్ని లంచం అంటారు."

ఉదయం సింగపూర్‌లో ఎక్కి, పదిహేను గంటలు కూర్చుని, అదే రోజు ఉదయం లాస్ ఏంజెలెస్‌లో దిగాం. కారు అద్దెకు తీసుకుని, మధ్యాహ్నం దారిలో ఒక హోటల్లోకి వెళ్ళాం. గుమ్మం దగ్గర ఆగితే వాళ్ళే వచ్చి కూర్చోబెడతారు. బావ ఆగలేదు. కిటికీ పక్క బల్ల మీద ప్యాకెట్ పెట్టేసి బాత్రూముకి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆ బల్ల దగ్గర ఇంకెవరో కూర్చున్నారు, ప్యాకెట్ చెత్తబుట్టలో ఉంది. ఆ కోపమంతా బిల్లు మీద చూపించాడు. కార్డు గీకాక ఇచ్చే చీటీ మీద టిప్పుకని ఒక గీత ఉంటుంది. దాని మీద గుండ్రంగా పెద్ద సున్నా చుట్టి, కింద సంతకం పెట్టాడు. మాకు వడ్డించిన కుర్రాడు చీటీ చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అక్క నేల చూపులు చూస్తూ బయటికి నడిచింది.

వెళ్ళబోయేవాళ్ళ కోసం చెబుతున్నాను. కూర్చోబెట్టి వడ్డించే చోట, పన్ను కలపక ముందు బిల్లులో పదిహేను నుంచి ఇరవై శాతం ఇవ్వడం అక్కడి మర్యాద. ఎక్కువ మంది వెళితే కొన్నిచోట్ల వాళ్ళే కలిపేస్తారు, చూసుకోండి. చాలా రాష్ట్రాల్లో యజమాని ఇచ్చే జీతం నామమాత్రం, మిగతాది మనం ఇవ్వాలి. యజమాని ఇవ్వాల్సింది తినడానికి వచ్చినవాడి మీదికి తోసేసి దానికి మర్యాద అని పేరు పెట్టారు. ఈ ఏర్పాటు చూస్తే నాకూ ఒళ్ళు మండుతుంది. కానీ దాన్ని సరిచేసే మార్గం వడ్డించిన మనిషి పొట్ట కొట్టడం కాదు.

సాయంత్రం లాస్ వేగస్‌ చేరాం. మోటెల్ వరండాలో అక్క నా పక్కన నిలబడింది.

"ఇండియా వెళ్ళినప్పుడల్లా ఇంతేరా. సోంపు పళ్ళెంలో చిల్లరంతా ఏరుకునే వరకు లేవరు. సింగపూర్‌లో ఈ గొడవ లేదు కదా, మర్చిపోయాను."

"నువ్వు చెప్పొచ్చుగా అక్కా?"

"చెప్పి చెప్పి విసుగొచ్చింది. పెళ్ళిరోజు నాడు మాత్రం, ఒక్క పూటన్నా తలెత్తుకుని హోటల్లోంచి బయటికి రావాలనుంది. అంతే."

మర్నాడు ఒక దుకాణంలో గుట్టలోంచి నేనే ఒక అరటిపండు తీసి కౌంటరు మీద పెట్టాను. అమ్మాయి తెర నా వైపు తిప్పింది. టిప్ ఎంత ఇస్తారు, పద్దెనిమిదా, ఇరవయ్యా, ఇరవై అయిదా అని అడుగుతోంది ఆ తెర. అరటిపండుకి! వద్దని నొక్కాను, మీరూ నొక్కండి, పాపం రాదు. బావ భుజం తట్టి "దారిలోకొచ్చావు" అన్నాడు. ఆయన మెప్పు పొందినందుకు రోజంతా చిరాగ్గా ఉంది.

దారిలో టిఫిన్ దగ్గర బావ కొత్త పద్ధతి కనిపెట్టాడు. మా ప్లేట్లన్నీ దొంతర పెట్టి, మోసుకెళ్ళి వంటగది గుమ్మం దగ్గర ఇచ్చి వచ్చాడు. వడ్డించిన పిల్ల కంగారుపడి, తన వల్ల ఏమైనా తప్పు జరిగిందా అని నన్ను అడిగింది. "పని మనమే చేశాం, ఇంక టిప్ దేనికి?" అని బావ మళ్ళీ సున్నా చుట్టాడు.

"డాడీ, సో మలు లా" అంది తేజు. మలు అంటే మలయ్‌లో సిగ్గు. బావకు ఆ మాట బాగా తెలుసు, వినిపించుకోలేదు.

పెళ్ళిరోజు నాడు గ్రాండ్ కాన్యన్ చూశాం. దాన్ని వర్ణిస్తానని ఎదురు చూడకండి. చాలా లోతుగా ఉంది. బావ జేబూ అంతే, చెయ్యి అడుగుకి అందదు.

రాత్రి భోజనానికి విలియమ్స్ అనే చిన్న ఊళ్ళో ఆగాం. వడ్డించినావిడ పేరు డెబీ, అరవై దాటి ఉంటాయి. అక్క మాంసం తినదని తెలిసి, వంటగదిలోకి మూడుసార్లు వెళ్ళి కనుక్కుని, సూపు విడిగా కాయించి తెచ్చింది. పెళ్ళిరోజని తేజు ఆవిడ చెవిలో చెప్పిందేమో, చివర్లో కొవ్వొత్తి వెలిగించిన కేకు ముక్క వచ్చింది. దానికి డబ్బు వెయ్యలేదు. బావ పొంగిపోయి అందరితో ఫొటోలు దిగి, చీటీ తీసుకుని తీరిగ్గా సున్నా చుట్టాడు.

అక్క నా వైపు చూసి చిన్నగా నవ్వింది. బల్ల మీద బావ పెట్టిన కొత్త టిష్యూ ప్యాకెట్ ఉంది. బావ దాన్ని జేబులో వేసుకోబోతుంటే, "నాకు కావాలి, ఉంచండి" అని తీసుకుంది. బావ కోటు తొడుక్కుంటుండగా హ్యాండ్‌బ్యాగు లోంచి నోట్లు తీసి అందులో దోపి, ప్లేటు పక్కన పెట్టింది. తర్వాత లేచి, అందరికంటే ముందు, తల ఎత్తుకుని గుమ్మం దాటింది.

కారు తలుపు తీస్తుండగా వెనక నుంచి కేక. ఆ చలిలో కోటైనా లేకుండా డెబీ పరిగెత్తుకొస్తోంది, చేతిలో మా టిష్యూ ప్యాకెట్. మర్చిపోయారంటూ బావ చేతిలో పెట్టింది.

"చూశావా బామ్మర్దీ, టిప్ లేకపోయినా సర్వీసు ఎలా ఉందో" అని బావ ప్యాకెట్ జేబులో వేసుకోబోయాడు.

ఊరుకుంటుందనుకున్నాను, అక్క ఎప్పుడూ ఊరుకునే మనిషి. కానీ చెయ్యి చాపి ఆ ప్యాకెట్ లాక్కుంది. బావ చూస్తుండగానే నోట్లు బయటికి తీసి డెబీ చేతిలో పెట్టి, తన ఇంగ్లీషులో చెప్పింది.

"దిస్ ఈజ్ ఫర్ యూ. ఐ ఓన్లీ కెప్ట్ ఇట్. హీ డోంట్ నో."

డెబీ నోట్ల వైపు, బావ వైపు చూసింది. తర్వాత అక్క చెయ్యి పట్టుకుని పెళ్ళిరోజు శుభాకాంక్షలు చెప్పింది, ఒక్క అక్కకే. బావ కారు తాళం కోసం జేబులు వెతుకుతూ నిలబడ్డాడు. తాళం నా చేతిలో ఉంది.

కారు ఊరు దాటాక బావ "ఎంత?" అని అడిగాడు.

"నా జీతంలోది" అంది అక్క. ఆవిడ పుంగ్గోల్‌లో చైల్డ్‌కేర్ టీచరు.

తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కేదాకా, ఎక్కాక కూడా బావ పెద్దగా మాట్లాడలేదు. ఈ యాత్రలో అన్నిటికంటే హాయిగా గడిచిన గంటలవే. అమెరికా గురించి నాకు మిగిలిన అభిప్రాయం కూడా చెప్పేస్తాను. చూడదగ్గ దేశం, కానీ మనతో వచ్చినవాళ్ళు ఎలాంటివాళ్ళో కూడా అది చూపించేస్తుంది.

ఛాంగీలో దిగి, సామాన్లతోనే పుంగ్గోల్ వెళ్ళి, ఇంటి కింది కాఫీ షాపులో ఆగాం. బావ అలవాటుగా టిష్యూ ప్యాకెట్ తీశాడు. బల్ల మీద పెట్టబోయి ఆగి, వేళ్ళతో నొక్కి, మూత తెరిచి లోపలికి చూశాడు.

"అందులో ఏం లేదులెండి" అంది అక్క, కుర్చీ లాక్కుంటూ. "ఇక్కడ ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు. మీ పరువు భద్రం."