మేడం లెక్కగట్టిన జెనాన్

మదనపల్లెలో నాకు ఫిజిక్స్ చెప్పిన మేడం పోయారు. కుప్పం నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్క పొద్దున నిద్దర్లోనే పోయిందమ్మా. నొప్పి అని కూడా అనలేదు" అన్నాడు. ఇన్నాళ్లూ ఆమె నొప్పితో పడ్డ పాట్లు చూసినదాన్ని. ఏడుపుకంటే ముందు నా గుండె తేలికపడింది.

క్లాసులో ఆమె పరమాణు కేంద్రకాన్ని గుండ్రంగా గీసేవారు కాదు, మామిడికాయలా గీసేవారు. మేం నవ్వితే, "పుస్తకంలో గుండ్రంగా ఉండాది. పరీక్షకు అట్లే రాయండి. నిజానికి అట్లే ఉండాలని యాడుండాది?" అనేవారు. పుంగనూరు బస్సుకు వేళైతే పాఠం మధ్యలోనైనా నన్ను పంపించేసేవారు.

ఆ బొమ్మ వెనక సంగతి చాలా ఏళ్లకు చెప్పారు. వయసులో ఉండగా ఆమె జెనాన్ అనే వాయువు పరమాణు కేంద్రకం మీద పరిశోధన చేశారు. దాని పొడవు, వెడల్పు, మందం మూడూ వేర్వేరని లెక్కగట్టారు. పరీక్షించడానికి వచ్చిన పెద్దాయన "దీన్ని చూసేదెవరు?" అన్నాడట. పీహెచ్‌డీ రాలేదు. మదనపల్లె వచ్చి పాఠాలు చెప్పుకున్నారు. జబ్బు పడ్డాక మాత్రం అదే దిగులు. "నా లెక్క తప్పేమోనమ్మా. వయసంతా తప్పుకే పెట్టినానేమో."

కేంద్రకాలను ఢీకొట్టించే ప్రయోగాల ఫలితాలను విశ్లేషించడమే ఇప్పుడు నా పని. మొన్న కుప్పం ఆసుపత్రిలో ఆమె మంచం పక్కన కూర్చున్నాను.

"మేడం, జెనాన్ కేంద్రకాలను దాదాపు వెలుతురంత వేగంతో గుద్దించినారు. ఆ వేగంలో వాటి ఆకారం ఫోటో తీసినట్టు నిలిచిపోతాది. గుద్దుకున్న చోట పుట్టే వేడిబొట్టుకు ఆ ఆకారమే వస్తాది. బొట్టు చెదిరినప్పుడు కణాలు ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ ఎగురుతాయి. ఆ తేడా నుంచి వెనక్కి లెక్కేస్తే ఆకారం తెలస్తాది."

"గుండ్రం కాదా?"

"కాదు. కోడిగుడ్డు మాదిరి కూడా కాదు. మూడు కొలతలూ వేరేగా ఉంటేనే లెక్క కుదురుతాండాది."

ఆమె వెంటనే నమ్మలేదు. "నన్ను సంతోషపెట్టేదానికి చెప్తాండావా?"

ల్యాప్‌టాప్ తెరిచాను. అద్దాలు పెట్టుకుని, "నడిమికి నడిమి గుద్దుకున్నవి యాడ?" అని అడిగారు. చూపించాను. గ్రాఫులో ప్రయోగం చుక్కలన్నీ ఆమె చెప్పిన ఆకారానికి గీసిన గీత పక్కనే ఉన్నాయి. వేలితో ఆ గీత వెంట పోయారు.

"ఇంకా వాదించేవాళ్లు ఉండారు మేడం" అన్నాను, దాచడం ఇష్టంలేక.

"వాదించనీ. వాదించేదానికైనా సూడాల గదా. అంతే సాలు."

కాసేపటికి తమ్ముడు రాగిజావ తెచ్చాడు. చాలా రోజుల తర్వాత ఆమె గ్లాసు ఖాళీ చేశారు. పెదవికి అంటిన జావ తుడుచుకోకుండానే కళ్లు మూసుకున్నారు. కిటికీ అవతల బెంగళూరు రైలు కూత వేసుకుంటూ పోయింది. ఆమె కదలలేదు, ఛాతీ మీది దుప్పటి మెల్లగా లేస్తూ, దిగుతూ ఉంది.